కోనుకి లేని రింగు

ఉదయాన్నే టెమా హార్బరులో ఒక శవం తేలింది. అది ఫ్యాక్టరీల్లో ఒత్తిడిని తట్టుకునే పెద్ద పాత్రలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ లామ్టేది. చనిపోయే ముందు అతడు గూఢచారి శాఖ చీఫ్ జిఫాకి ఫోన్‌లో ఒక్కమాటే చెప్పగలిగాడు: కోనుకి రింగు లేదు.

"చక్కెర ఫ్యాక్టరీ ప్రారంభం రేపే. మంత్రి బటన్ నొక్కుతాడు," అంది జిఫా ఏజెంట్ ఒకైజాతో. "కొత్త ఇన్‌స్పెక్టర్‌వి నువ్వే. లోపల మన మనిషి ఉంది, ఇంజనీర్ అకోర్ఫా. కోడ్ వర్డ్ 'ఎండుచేప'."

చక్కెర పాకాన్ని లోపలి గాలి లాగేసి మరిగించే పాత్ర అడుగుభాగమే ఆ కోను. దాని కింద వాల్వు దగ్గర పనిచేసేది ఒకైజా చెల్లెలు కొర్కోర్.

అకోర్ఫా కేటా ఊరి అందగత్తె. 'ఎండుచేప' అనగానే నవ్వి కోను డిజైన్ లెక్కలు చూపించింది. నీళ్లు నింపి ఒత్తిడి పెడితే చుక్క కూడా కారలేదని చెప్పింది. అది విన్నాక ఒకైజా భయం రెట్టింపయింది. లోపలి నుంచి తోస్తే నిలిచే డబ్బా కూడా గాలి లాగేస్తే నలిగిపోతుంది. కోను సిలిండర్‌ని కలిసేచోట గట్టి రింగు ఉంటేనే ఆ రేకు భద్రతా నియమాల పరిమితిదాకా నిలుస్తుంది. లెక్కలో రింగు ఉంది. కోను మీద ఉందో లేదో కనపడకుండా పైరేకు కప్పేసింది. విప్పమంటే, ప్రారంభం అయ్యాక తీరిగ్గా చూద్దామంది.

మర్నాడు జనం నిండారు. పూజారి ఒబ్లీ నేల మీద సారా పోస్తూ పూర్వీకులను పిలవడం ముగిసేదాకా ఎంతటి మంత్రయినా బటన్ ముట్టుకోడు. ఒకైజా ఆయన చెవిలో చెప్పాడు: "తాతా, నేను చెయ్యి ఊపేదాకా ఆపొద్దు."

"నా నోరు మూయించడం మా ఆవిడ వల్లే కాలేదు. పోరా."

కోను పక్కన మెట్లెక్కి, బెల్టు బకిల్‌లో దాచిన బ్లేడుతో పైరేకు కోశాడు. లోపల నున్నటి ఉక్కు. రింగు లేదు.

మెడకి చల్లగా పిస్టల్ తగిలింది.

"లామ్టే కూడా ఇక్కడిదాకానే వచ్చాడు," అంది అకోర్ఫా. "ప్రార్థన అయ్యాక డప్పులు మోగుతాయి. అప్పుడు కాలిస్తే ఎవరికీ వినపడదు. ఆ తర్వాత కోను నలిగి మంత్రి, నీ చెల్లెలు పోతారు. ఇక ఈ రేవు మా ముఠాదే."

ఒకైజా చెయ్యి ఊపలేదు, ప్రార్థన సాగుతూనే ఉంది. కింద ఒబ్లీ గొంతు బొంగురుపోతోంది. తన గా జాతి పెద్దల పేర్లు అయిపోయాయి. ఆయన ఉన్నట్టుండి కేటా పెద్దలను పిలవడం మొదలుపెట్టాడు. జనం ప్రార్థనకి వంతగా "హియావ్" అన్నారు. చిన్నప్పటి అలవాటుకొద్దీ అకోర్ఫా కూడా కళ్లు మూసి తల వంచింది.

ఒకైజా ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ కింద పడింది. అప్పటికే ఆ పేర్లూ అయిపోయి డప్పులు మొదలయ్యాయి, మంత్రి బటన్ నొక్కాడు, పంపు గాలి లాగుతోంది. కోను టక్కుమంది.

"కొర్కోర్, గాలి వాల్వు తెరువు!"

ఆమె పైకి చూసి, అన్న మొహం చూసి, ఎందుకని అడగకుండా తిప్పేసింది. గాలి ఈలవేస్తూ లోపలికి దూసుకెళ్లింది. కోను నిలిచింది.

అకోర్ఫాకి బేడీలు పడ్డాక ఒబ్లీ సారా సీసా తలకిందులు చేసి చూసుకున్నాడు. "మా తాతలు సగంలోనే అయిపోయార్రా. కేటా వాళ్లని అరువు తెచ్చుకోవాల్సొచ్చింది. ఈసారి పిలిస్తే ముందే చెప్పు, ఇంకో నలుగురి పేర్లు కనుక్కుని వస్తా."