నునుపరి

తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది కాబట్టి నీలవేణి గంట కొట్టలేదు. టెక్కలిలో ఏ వీధికి వెళ్లినా ఇదే మర్యాద. ఎర్రదీపం ఉందంటే లోపల ఎవరో విమానం నడుపుతున్నారని అర్థం. ఆ ఇంటి ముందు కూరగాయల బండివాడు కేక వెయ్యడు, ఇంట్లోవాళ్లు కుక్కరును కూత పెట్టనివ్వరు. నీలవేణి పనిముట్ల సంచీ అరుగు మీద దించి కూర్చుంది. పది నిమిషాలకు దీపం పచ్చగా మారింది.

వనజాక్షమ్మ తలుపు తీసి, "లోపలికి రా అమ్మా. ఆయన ఇప్పుడే ఇచ్ఛాపురంలో దించీసినారు," అంది, మొగుడు బస్సు దిగాడని చెప్పినంత మామూలుగా.

ఆ రోజుల్లో జిల్లాల మధ్య మందులు, రక్తం, చేపలు, పరీక్ష పేపర్లు అన్నీ చిన్న తెల్ల విమానాల మీదే తిరిగేవి. జనం వాటిని కొంగలనేవారు. కొంగలో మనిషి ఉండడు. నడిపేవాడు తన ఇంట్లో, గగనపీఠం మీద కూర్చుంటాడు. అయితే ఆకాశంలోంచి బొమ్మ ఇంటికి చేరడానికి అరక్షణం పడుతుంది. కొండల దగ్గర అరక్షణంలో చాలా జరిగిపోతుంది. అందుకని ఇంటి కంప్యూటరే గాలిని, మబ్బును, కొండను లెక్కగట్టి అరక్షణం ముందుగా తెర మీద అల్లి చూపిస్తుంది. నడిపేవాడు ఆ అల్లిన ఆకాశంలో నడుపుతాడు, అసలు కొంగ వెనకనే వస్తుంది. ఒకప్పుడు పిల్లలు సరదాకి ఆడుకున్న విమానాల ఆటే ఇలా వేలమందికి ఉద్యోగమయింది. ఆటలో తెర కాస్త తొట్రుపడితే చిరాకు పుట్టేది, అంతే. ఇప్పుడు ఇంట్లో కుదుపు వస్తే ఆకాశంలో కొంగ తూలుతుంది.

ఆ కుదుపులు పోగొట్టేవాళ్లే నునుపరులు. సోంపేట నుంచి రణస్థలం దాకా నూట నలభై ఇళ్లకు నీలవేణే నునుపరి. ప్రతి ఇంటికీ గగన మండలి వారం వారం నునుపు సూచి పంపుతుంది. నూటికి తొంభై లోపు వచ్చిందంటే లైసెన్సు ఆగిపోతుంది.

గేదెల లోకనాథం ఇంకా పీఠం దిగలేదు. చుట్టూ అర్ధచంద్రాకారంగా తెర, అందులో ఇచ్ఛాపురం దిగుడుబాట. ఆయనకు యాభై ఏడేళ్లు. ఇరవై రెండేళ్ల నుంచి నడుపుతున్నా ఒక్క కొంగ రెక్కకు గీత పడలేదు. అరవైమందికి పైగా శిష్యులున్నారు కాబట్టి అందరికీ ఆయన మాస్టారే. కుదుపును కంటితో కాదు, నడుముతో పట్టుకోవాలని నీలవేణికి నేర్పింది కూడా ఆయనే.

"తొంభై ఒకటి," అన్నాడు పలకరింపుగా. "ఇన్నేళ్లలో తొంభై ఎనిమిది కిందికి దిగింది లేదు. మూడు వారాలబట్టి దించే ముందర ఒక్క కుదుపు. ఒకటే. మూడింటికి గుమ్మగూడ కొండ మీదకి రక్తం పట్టుకెళ్లాలి. రేపు పొద్దున్న అక్కడ రెండు కాన్పు ఆపరేషన్లున్నాయట. ఈలోగా తేల్చీ."

"తేల్చీస్తాను మాస్టారూ. కుదుపంటే కంప్యూటరుకి ఎక్కడో ఊపిరాడ్డం లేదన్నమాట. ఎక్కడో చూద్దాం."

నీలవేణికి తన చేతిపని మీద నమ్మకం ఎక్కువ. పెట్టె విప్పి పంకాల్లో పేరుకున్న దుమ్ము ఊదింది. ఎండిపోయిన, వేడిని లాగే పూత గీకి కొత్తది రాసింది. వనజాక్షమ్మ దాచుకున్న నాలుగు వందల సీరియల్ భాగాలు ఇదే కంప్యూటరులో కూర్చుని ఉంటే వాటిని వేరే పెట్టెలోకి మార్చింది. పది మైళ్ల అవతలి మబ్బుల వివరం తగ్గిస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు.

"మబ్బు చూసే కదా గాలి తెలుసుకుంటాను."

"దగ్గరి మబ్బు ముట్టుకోను. ఒడిషా మీది మబ్బు మీకెందుకు చెప్పండి?"

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆఖరున ఆమె బొమ్మల వేగానికి పగ్గం వేసింది. సెకనుకు తొంభై బొమ్మల దాకా ఎగబాకి, కొండ కనబడగానే నలభైకి పడుతోంది. అరవై దగ్గర కట్టేసింది.

"తగ్గించీసినావేటి?"

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు కదండీ. ఎప్పుడూ అరవై ఉంటే కన్ను నమ్ముద్ది. ఒకపాలి సాధకంలో నడిపి చూడండి."

సాధకం అంటే నిజం కొంగ లేకుండా ఉత్తుత్తి ఆకాశంలో నడపడం. లోకనాథం గుమ్మగూడ బాట ఎంచుకున్నాడు. కొండల మీదుగా కొంగ నీళ్ల మీద పడవలా సాగింది. నీలవేణి చేతిపలక మీద నునుపు చూపే గీత తిన్నగా ఉంది. బాట ఇక రెండు వందల అడుగుల కింద ఉందనగా గీత ఒక్కసారి పళ్లు ఇకిలించింది. కుదుపు.

నీలవేణికి తల తీసేసినట్టయింది. పెట్టెలో వేడి లేదు, దాని జ్ఞాపకంలో చోటుంది, అయినా ఆ క్షణంలో కంప్యూటరు బలమంతా ఎవరో లాగేసుకుంటున్నారు. ఎవరని పనుల పట్టీ తెరిచి చూసింది. పూరకం.

ప్రతి గగనపీఠంలోనూ పూరకం ఉంటుంది. దారిలో బొమ్మ తప్పిపోతే అది ఊహించి పూరిస్తుంది. మనిషి తుమ్మినా, మోచెయ్యి జారినా ఆ చిన్న పొరపాటును తుడిచేసి, చెయ్యి ఏం చెయ్యబోయిందో అదే కొంగకు చెబుతుంది. ఎంత కాలం వాడితే మనిషి చేతిని అంత బాగా చదువుతుంది. మామూలుగా అది కంప్యూటరు బలంలో పదో వంతు కూడా తినదు. ఇక్కడ సగానికి పైగా తింటోంది.

"మాస్టారూ, పూరకం ఆపీసి ఇంకోపాలి నడపండి."

"అది లేకుండానే నేను నేర్చుకున్నాను," అంటూ ఆయన మళ్లీ కొంగను లేపాడు.

ఈసారి కొంగ నిలకడగా ఎగరలేదు. రెక్కలు సన్నగా, ఆగకుండా అల్లాడుతున్నాయి. గాలి లేదని తెర చెబుతూనే ఉంది. దించే వేళకు ఆ అల్లాట పెరిగి, కొంగ బాట అంచున ఒరిగి ఆగింది.

"నువ్వేదో చెడగొట్టినావమ్మా," అన్నాడు లోకనాథం.

నీలవేణి తెర చూడడం లేదు. పీఠం చెయ్యి మీద ఆనించి ఉన్న ఆయన కుడిచెయ్యి చూస్తోంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, విభూతి నలుపుతున్నట్టు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఆమె పూరకం దాచుకున్న పాత లెక్కలు తెరిచింది. అందులో రెండు గీతలుంటాయి. ఒకటి చెయ్యి ఇచ్చిన ముడి గీత, రెండోది కొంగకు చేరిన చక్కని గీత. రెండో దాన్నే మండలి చూస్తుంది, నునుపరులూ దాన్నే చూస్తారు. మొదటిది చూడమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల రెండు నెలల కిందట ముడి గీత మీద వెంట్రుకంత వణుకు మొదలయింది. నెలనెలా పెరిగింది. పూరకం దాన్ని రోజూ ఓపిగ్గా తుడుస్తూ వచ్చింది. మూడు వారాల కిందట తుడవవలసింది మరీ ఎక్కువై, దించే వేళ కంప్యూటరుకు బొమ్మలు గీసే తీరిక లేకుండా పోయింది. ఆ కుదుపు అక్కడిది.

ఆమె పలకను ఆయన ముందు పెట్టి, ఒక్కొక్క నెలా చూపించింది.

"మిషనుకి తెలుసన్నమాట," అన్నాడు లోకనాథం.

"తెలుసు. ఎవరూ అడగలేదు."

"కంప్యూటరుకి లెక్కలు కట్టే పలక ఇంకోటి వేస్తే పూరకానికి బలం సరిపోద్దా?"

నీలవేణికి ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. సంచీలో ఆ పలక ఉంది. బిగించడానికి పావుగంట. సూచి మళ్లీ తొంభై తొమ్మిదికి వెళ్తుంది. నునుపరి పని నునుపు తేవడం, అంతవరకే. ఎవరి చేతులనూ పరీక్షించమని ఆమెకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు.

"సరిపోద్ది," అంది. "ఇంకో ఏడాది కూడా సరిపోద్ది. మరి ఏదో ఒకనాడు గాలి తిరిగినప్పుడే పూరకం చెయ్యి ఎత్తీసిందనుకోండి, అప్పుడు కొంగని పట్టుకోవలసింది ఈ చెయ్యే కదా మాస్టారూ. నేను వెయ్యలేను."

"నా చెయ్యి బాగోలేకపోతే ఈ రెండేళ్లూ అంత బాగా ఎలాగ దించినాను?" గొంతు పెరగలేదు గాని అందులో బతిమాలడం ఉంది. "వారం వారం తొంభై తొమ్మిది చూసుకుని, నాకేటి అనుకున్నాను."

గుమ్మం దగ్గర వనజాక్షమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"చొక్కా బొత్తాలు ఏడాదిబట్టి నేనే పెడుతున్నాను," అంది నెమ్మదిగా. "సంతకం చీమతలకాయంత అయిపోయింది. అడిగితే, విమానం దించినోడిని నాకేటవుద్ది అనేవారు. నిజమే కదా అనీసి నేనూ ఊరుకున్నాను."

లోకనాథం కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం అదే మొదటిసారి కాబోలు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూశాడు. తరవాత గోడ గడియారం చూశాడు. ఒంటిగంటన్నర.

"రక్తం ఆగకూడదు," అన్నాడు.

మండలికి ఆయనే ఫోన్ చేశాడు. ఏ అబద్ధమూ చెప్పలేదు. చెయ్యి వణుకుతోందని, ఈ రోజు నుంచి తాను నడపనని చెప్పాడు. గుమ్మగూడ బాట పొట్టిది, ఒక పక్క లోయ. ఆ మధ్యాహ్నం ఖాళీగా ఉన్నవాళ్లలో దాని మీద ఇదివరకు దించినవాళ్లెవరూ లేరు. పాలకొండలో సుభాషిణి అనే ఆయన శిష్యురాలు ఉంది. లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు.

"ఆవిడకియ్యండి," అన్నాడు లోకనాథం. "నేను మాటసాయం చేస్తాను."

మూడింటికి పాలకొండలో ఒక గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. టెక్కలిలో లోకనాథం తన పీఠం మీదే కూర్చున్నాడు గాని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. సుభాషిణి చూసే ఆకాశమే ఈ తెర మీదా కనబడేటట్టు నీలవేణి కలిపింది.

"మాస్టారూ, లోయ మీదకి వచ్చేసరికి కొంగ దిగిపోతోంది," అంది సుభాషిణి.

"దిగుద్ది. మధ్యాహ్నప్పూట అక్కడి గాలి అంతే. నువ్వు లాగకు. మూడు లెక్కపెట్టు, అదే ఎత్తుద్ది."

"ఒకటి, రెండు..." కొంగ నిజంగానే తేలింది.

"ఇప్పుడు బాట చివర ఎర్రరాయి చూడు. రాయి కదలకుండా ఉన్నంతసేపూ నువ్వు సరిగ్గా వస్తున్నట్టు. అంతే. ఇంకేటీ చెయ్యకు."

రాయి కదలలేదు. చక్రాలు బాటను తాకాయి. ఆసుపత్రి మనిషి మంచుపెట్టె అందుకోవడం తెర మీద కనిపించాక లోకనాథం గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన మాట ఒక్కసారి కూడా వణకలేదని నీలవేణి గమనించింది.

శ్రీకాకుళంలో నరాల డాక్టరమ్మ ఆయన చెయ్యి చూసి, ఆ వణుకుకు పార్కిన్సన్స్ అని పేరు చెప్పింది. మందులున్నాయని, చాలా ఏళ్లు బాగానే గడుస్తాయని చెప్పింది. నీలవేణి ఇచ్చిన ముడి గీతల కట్ట చూసి మాత్రం ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈ జబ్బు ఎప్పుడు మొదలయిందో ఏ రోగీ చెప్పలేడు. ఇక్కడ మొదటి వణుకుకు తేదీ ఉంది, గంటా నిమిషమూ ఉన్నాయి.

ఆ తరవాత నీలవేణి తన నూట నలభై ఇళ్లలోనూ, ఇంటివాళ్లను అడిగి, ముడి గీతలు తెరవడం మొదలుపెట్టింది. ఎక్కువ ఇళ్లలో గీత తిన్నగానే ఉంది. ముగ్గురి దగ్గర లేదు. అందులో ఇద్దరు డాక్టరు దగ్గరికి వెళ్లారు. మాట మాత్రం ఊళ్లకు పాకింది. నునుపరి వస్తే ఉద్యోగం పోతుందని కొందరు ఆమెను రానివ్వడం మానేశారు. సూచి పడిపోతున్నా తలుపు తియ్యలేదు. మూడో మనిషి, సోంపేటలో కొర్ల నారాయణమూర్తి, ఆమె గంట కొట్టకుండా గుమ్మం మీద ఎర్రదీపం రోజంతా వెలిగించి ఉంచేవాడు.

ఆ సంగతి విని లోకనాథం, "నేనూ వస్తాను పద," అన్నాడు.

గురువారం పదింటికి ఇద్దరూ సోంపేటలో ఆ ఇంటి ముందు నిలబడ్డారు. మాస్టారు వచ్చారని ఇంట్లోవాళ్లు చెప్పడంతో నారాయణమూర్తి తలుపు తియ్యక తప్పలేదు. పలకరింపులయ్యాయి. మజ్జిగ వచ్చింది. యంత్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. నీలవేణి సంచీ విప్పలేదు.

లోకనాథం గ్లాసు ఎత్తాడు. మజ్జిగ అంచు దాటి చొక్కా మీద నాలుగు చుక్కలు పడింది. ఆయన తుడుచుకోలేదు. గ్లాసు దించి, కుడిచేతిని బల్ల మీద, అందరికీ కనబడేటట్టు పెట్టాడు. వేళ్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

"దీనితో రెండేళ్లు నడిపినాను, తెలీకుండా," అన్నాడు. "ఇప్పుడు నడపను. పన్నెండుమందికి నేర్పుతున్నాను. రాత్రి నిద్ర పడుతోంది."

నారాయణమూర్తి ఆ చేతిని చూశాడు. వంటింట్లో చప్పుళ్లు ఆగిపోయాయి. అతను ఒళ్లో దాచుకున్న ఎడమచేతిని నెమ్మదిగా పైకి తీసి, మాస్టారి చేతి పక్కన బల్ల మీద పెట్టాడు.