హైక్ రోజు పేజీ

రెండో శనివారం, సెలవురోజు పొద్దున పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ సారమ్మ వాకిట్లోకి రెండుసార్లు చూసింది. భర్త గిద్యోను ముందర చాయ్ చల్లారిపోయింది. మామూలుగా అయితే ఈపాటికి నీలం ప్యాంటు తొడుక్కుని, మెడకు స్కార్ఫ్ చుట్టుకుని, హిమాయత్‌నగర్ ఊరి నుంచి మొయినాబాద్ బడికి స్కౌట్ దళం పని మీద బండి తీసేవాడు. ఆ బడిలో ఆయన సోషల్ సారు, స్కౌట్ మాస్టరు కూడా. ఇవాళ లుంగీ మీదే కూర్చుని ఫోన్‌లో ఒకే ఉత్తరాన్ని పైకీ కిందికీ జరుపుతున్నాడు.

ఆ ఉత్తరం గురువారం వచ్చింది. మహిళా కెప్టెన్ లేకుండా ఎనిమిది మంది గైడ్ అమ్మాయిల్ని హైక్‌కు తీసుకెళ్లారనీ, ఒక బాలికను ఒంటరిగా బండి మీద తీసుకెళ్లారనీ స్కౌట్స్ ఆఫీసుకు తెలిసిందట. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. అప్పటిదాకా దళం పని బంద్. వచ్చే వారం ఆ ఎనిమిది మందీ రాష్ట్ర అవార్డు పరీక్ష క్యాంపుకు వెళ్లాలి. వాళ్లలో గిద్యోను కూతురు ఆశా ఒకతి.

"ఆఫీసుకు రాసింది క్రాంతి కుమారే," అన్నాడు గిద్యోను. "ఆడపిల్లలకు గుట్టలెక్కుడెందుకు అని స్టాఫ్ రూములో నవ్వినోడు వాడే గద."

"ఆ లెక్కల సారు హైక్‌కు రానేలేదు. ఆయనకెట్ల తెలుస్తది?"

"తెలుసుకుంటడు. ఎదురుంగ మాట్లాడే దమ్ము లేనోడు సాటుకు రాస్తడని నిన్న మెసేజ్ పెట్టిన. నీలం టిక్కులు పడ్డయి, జవాబు లేదు. ఒప్పుకున్నట్టే."

సారమ్మ రొట్టె దించింది. క్రాంతి కుమార్ సంగతి ఆమెకు పట్టలేదు. ఆమెను రెండు రోజులుగా తొలుస్తున్నది వేరే మాట. హైక్ రోజు సాయంత్రం "పిల్లలందరు షేర్ ఆటోల కలిసే వచ్చిండ్రు, నేను బండి మీద ఎనక వచ్చిన" అని భర్త చెప్పాడు. బండి మీద ఎవరినో తీసుకెళ్లిన ముచ్చట ఆయన నోట రాలేదు. ఆ ఉత్తరం రాకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆశా రెండు రోజులుగా తండ్రి కంటపడకుండా తిరుగుతోంది. ఆయన వాకిట్లో ఉంటే ఇంట్లో, ఆయన ఇంట్లోకి వస్తే పెరట్లో. తొమ్మిదో తరగతి పిల్ల, నాయన వెంట తోక లెక్క తిరిగేది. ఆ పిల్ల ఏం చూసిందో అన్న ఆలోచన సారమ్మకు వచ్చింది. అట్లాంటి ఆలోచన తనకు వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. వేసినా ఆలోచన పోలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. వెనక వాడలో ఉండే అరుణమ్మ, కూలికి పోతూ పోతూ ఆగినట్టుంది, చేతిలో సద్దిగిన్నె. ఆమె బిడ్డ సమత ఆశా క్లాసే, దళంలో కూడా ఉంది.

"సారూ, మా పిల్ల పేరు కాయిదంల ఎక్కిందా?"

గిద్యోను లేచి నిలబడ్డాడు. "పేరు లేదు చెల్లె. ఒక బాలిక అని ఉన్నది."

"ఎనిమిది మందిల ఒకతి ఎవరో పట్టుడు ఎంతసేపు? వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల నుంచి అదే ముచ్చట. ఎవని బిడ్డ, ఎవని బిడ్డ అని."

సారమ్మ పెనం వదిలేసి గడపలోకి వచ్చింది. "బండి మీద పోయింది సమతనా?" అని భర్తను అడిగింది. "నాకెందుకు చెప్పలె?"

ఆయన ఫోన్ బోర్లా పెట్టి అరుణమ్మ వైపు చూశాడు.

"నేను నీ పెండ్లాన్ని. ఊరోళ్లు నీళ్ల ట్యాంకు కాడ నన్ను చూసి మాటలు బంద్ చేస్తున్నరు. నాకు చెప్పనంత ముచ్చట ఏమున్నది అండ్ల?"

"చెప్పనని ఆ పిల్లకు మాటిచ్చిన."

"ఏం మాట?"

"నేను చెప్త అక్కా," అంది అరుణమ్మ, సద్దిగిన్నె అరుగు మీద పెడుతూ. "గుట్ట మీద పిల్లకు నెలసరి వచ్చిందట. బట్టలు ఖరాబైనయి. గుట్ట కింద కొండకల్ ఊళ్లె మా అక్క ఇల్లున్నది, సారు ఆడ దింపిండు. నాకు తెలిస్తే మళ్ల హైక్‌కు తోలనని, ఎవరికి చెప్పొద్దని సారుతోని ఒట్టేయించుకున్నది. మా అక్క రాత్రి ఫోన్ల చెప్పింది." సద్దిగిన్నె మూత సరిచేస్తూ, "తోలకపోదును, నిజమే," అంది.

సారమ్మ గుండెల మీది బండ దిగినట్టే దిగి, మళ్లీ ఆగింది. ఆశా ఎందుకు తప్పించుకు తిరుగుతున్నట్టు?

"మరి రాసిందెవరు?" అంది అరుణమ్మ. "ఆ పుణ్యాత్ములెవరో తెలవాలె."

"సోమవారం వాని గల్ల పట్టి అడుగుత," అన్నాడు గిద్యోను.

"క్రాంతి సారు కాదు డాడీ."

ఆశా తలుపు వెనక నుంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ ఉంది. "నేనే రాసిన. లాగ్ బుక్కుల."

ప్రతి జట్టూ చేసిన పనులన్నీ రాసిపెట్టుకునే పుస్తకం అది. ఆశా జట్టు లీడరు కాబట్టి రాత ఆమెదే. అవార్డు కోసం ఆ పుస్తకాలన్నీ పోయిన వారం ఆఫీసుకు పంపారు.

"జరిగింది జరిగినట్టు రాయాలె, కొట్టివేతలు ఉండొద్దు అన్నవు గద. పన్నెండున్నరకు సారు ఒక గైడ్‌ను బండి మీద కొండకల్ తీసుకపోయిండు, ఒకటింపావుకు వచ్చిండు అని రాసిన. సమత పేరు రాయలె."

"పంపే ముందల నాకు చూపియ్యొద్దా?"

"చూపిన డాడీ. సంతకం పెట్టినవు. పేజీ కింద నీ సంతకమే ఉన్నది."

గిద్యోను కూర్చుండిపోయాడు. మగపిల్లల జట్లవీ కలిపి ఐదు పుస్తకాలు, ఒక్కోదాంట్లో నలభై పేజీలు, స్టాఫ్ రూములో నిలబడి గీకిన సంతకాలు. ఫోన్ తీసి, క్రాంతి కుమార్‌కు పెట్టిన మెసేజ్‌ను చాలాసేపు చూశాడు.

"నా మీద అనుమానంతోని రాసినవా బిడ్డా?" అని అడిగాడు.

"అనుమానం కాదు." ఆశా కళ్లు నిండాయి. "భయంతోని. నువ్వు పోయినంక ఇద్దరొచ్చిండ్రు. తాగి ఉన్నరు. మా దగ్గరి బండ మీదనే కూసున్నరు. ఏ ఊరు, మీ సారేడి అని అడుగుడు పెట్టిండ్రు. సారు కిందనే ఉన్నడని అబద్ధం చెప్పిన. చిన్నోళ్లను నడిమిట్ల కూసోపెట్టి, కర్రలు చేతుల పట్టుకుని, అందరం ప్రార్థన గీతం పాడినం. మళ్ల మళ్ల అదే పాడినం. నీ బండి చప్పుడు వినబడినంక లేచి పోయిండ్రు. అది రాస్తే నీకు ఖరాబైతదని, నువ్వు లేని టైము ఒక్కటే రాసిన."

అరుణమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గిద్యోను తల దించుకున్నాడు. బట్టలు పాడైన పిల్ల ఒకవైపు, ఏడుగురు ఒకవైపు, పెద్దమనిషి ఒక్కడు. ఎటు పోయినా తప్పే అయ్యే చోటికి ఆయనే వాళ్లను తీసుకెళ్లాడు.

"కెప్టెన్ మేడం బదిలీ అయ్యి రెండేండ్లు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "ఆడమనిషి లేకపోతే ఆడపిల్లలను బయటకు తీయొద్దని రూలు. రెండు హైక్‌లు వీళ్లకు లేకుండనే పోయినయి. మగపిల్లలు పోతుంటే వీళ్లు గేటు కాడ నిలబడి చూసిండ్రు. మూడోసారి నా మనసు ఒప్పలె. రూలు నా అసొంటోని మీద అనుమానంతోని పెట్టిండ్రనుకున్న."

సారమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క రోజు తోడు రమ్మని ఆయన అడిగాడు, ఈ హైక్‌కే. చేతిలో కుట్టాల్సిన పెండ్లి జాకెట్లు ఆరున్నాయి. "పిల్లలతోని గుట్టలెక్కే వయసా నాది" అని నవ్వి మిషను తొక్కుతూనే ఉంది.

ఆమె కూతురి దగ్గరకు వెళ్లింది. రెండు రోజులుగా ఈ ఇంట్లో ఎవరు రాశారని ఒకరు, ఏం దాచారని ఒకరు తలలు బద్దలు కొట్టుకున్నారు. పిల్ల ఏదో చూసి ఉంటుందని తాను అనుమానించిందే కానీ, నీకేమైంది బిడ్డా అని అడగలేదు.

"సంజాయిషీల అంతా రాస్త," అన్నాడు గిద్యోను. "ఆ ఇద్దరి సంగతి గూడ. క్యాంపు పోతదేమో ఆశా."

ఆశా ఏడుస్తూనే తలూపింది.

"కెప్టెన్ కావాలంటే టీచరే ఉండాల్నా?" అడిగింది సారమ్మ.

"అక్కరలేదు. వారం దినాల ట్రైనింగ్ ఉంటది."

"నా పేరు రాయి."

"నీ మిషను?"

"మిషను ఎక్కడికి పోతది."

అరుణమ్మ సద్దిగిన్నె చేతికి తీసుకుంది కానీ కదల్లేదు. "ట్రైనింగ్ అక్క చేస్తది గాని, కూలి లేని దినం నేను గూడ ఎనకొస్త సారూ. ఒక్కరికంటె ఇద్దరు నయం."

గిద్యోను క్రాంతి కుమార్‌కు ఫోన్ కలిపి పెరట్లోకి నడిచాడు. "సారూ, నాదే తప్పు" అన్న మాట వరకే లోపలికి వినిపించింది.

సారమ్మ పొయ్యి ఆర్పి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇప్పుడు చెప్పు బిడ్డా. వాళ్లు ఎటు నుంచి వచ్చిండ్రు, నువ్వు ఏమనుకున్నవు, మొదటి నుంచి చెప్పు."

ఆశా మొదలుపెట్టింది. ఫోన్ ముగించి వచ్చిన గిద్యోను గడప మీదే కూర్చుని, కూతురు చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.