శిబిరం చెయ్యి

2078 నాటికి కంటి డాక్టర్లు కన్ను ముట్టుకోవడం మానేశారు. ఆ పని అనుహస్తం చేసేది. మనిషి చేతిని చూసి నేర్చుకుని, అచ్చం ఆ మనిషిలాగే కదిలే యంత్రమది. దానికి చూపునిచ్చింది ఘనచిత్రణ, అంటే కంటి లోపలి పొడవు, వెడల్పు, లోతు క్షణక్షణం కొలిచి గుడ్డును గదంత బొమ్మగా గాలిలో నిలబెట్టే త్రీడీ ఇమేజింగ్.

చెయ్యి ఇచ్చింది మాత్రం విశాఖలోని డాక్టర్ చెరుకుమిల్లి భార్గవరామ్. ఆయన చేసిన ప్రతి ఆపరేషనూ, అన్న మాటలతో సహా, దానికి పాఠం. రాష్ట్రంలో ఏ మూల శుక్లం తీసినా కదిలేవి ఆయన వేళ్ళే. ఆ మాట ఎవరైనా అంటే మురిసిపోయేవాడు, అనకపోతే తానే గుర్తుచేసేవాడు.

అంతటి మనిషికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. చిన్నప్పటినుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు, పవరు మైనస్ పద్దెనిమిది. శుక్లం వచ్చినవాడు అనుహస్తానికి గురువుగా ఉండకూడదన్నది నిబంధన. పాత గురువును దించడానికి దాన్ని రాయించింది తనే. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది.

అందుకే గడ్డం పెంచి, ముతక చొక్కా తొడుక్కుని, అప్పలకొండ అని పేరు చెప్పి పాడేరు ఉచిత శిబిరంలో వరసలో నిలబడ్డాడు. అక్కడ పేరు తప్ప ఏమీ అడగరని ఆయనకు తెలుసు. చేసేది ఎలాగూ తన చెయ్యే కదా, భయమెందుకనుకున్నాడు.

నర్సు లిఖిత కుడి కంట్లో మందు చుక్కలు వేసింది. "తల కదపకు తాతా. నొప్పేటీ ఉండదు."

"కదిలితే కన్ను పోద్ది, ముసలోడా," అంది అనుహస్తం. ఆ గొంతు ఆయనదే. తన గొంతు ఇంత కటువుగా ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఆయనలాగా దగ్గరివి తప్ప దూరం ఆననివాళ్ళ కనుగుడ్డు పొడుగ్గా సాగి ఉంటుంది. శుక్లం తీయడానికి లోపలికి నీరు వదలగానే నల్లగుడ్డు తెర వెనక్కి నొక్కుకుపోయి ముందుభాగం గుంటపడుతుంది. అప్పుడు సన్నని కొక్కెంతో ఆ తెర అంచు ఎత్తి, రెండువైపులా నీరు సమమయ్యేదాకా ఆగాలి. మామూలు మైక్రోస్కోపులో ఆ లోతు సరిగా అందదు. ఘనచిత్రణలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం ఆయనే రాశాడు.

"గుంటపడింది. లోతు పెరుగుతోంది," అంది యంత్రం.

భార్గవరామ్ కొక్కెం కోసం ఎదురుచూశాడు. రాలేదు. సూది ముందుకే పోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. కార్పొరేట్ థియేటర్లో, విదేశీ డాక్టర్లు చూస్తుండగా, తను ఆగేవాడు. శిబిరాల్లో ఏనాడూ ఆగలేదు. బయట వరస పొడుగ్గా ఉండేది, లోపల భోజనం చల్లారిపోతుండేది. అది తప్పని కూడా ఆయనకు తోచలేదు.

"తెర ఎత్తు," అని గొణిగాడు.

"ఏటి తాతా?" అంది లిఖిత. ఆమె చేతికింద ఆపే మీట ఉంది. ఒక్కసారి తన అసలు పేరు చెబితే నొక్కేస్తుంది. కానీ పేరు చెబితే గురుపీఠం పోతుంది. చెప్పాలా వద్దా అని తూచుకున్నాడు.

ఆ కాస్త ఆలస్యం చాలింది. కంటి వెనకనుంచి తల పగిలేంత నొప్పి లేచింది.

"వెనకపొర చిరిగింది. శుక్లం ముక్క లోపలికి జారింది," అంది యంత్రం తాపీగా.

"ఆపు. నేను డాక్టర్ భార్గవరామ్‌ని."

"భయంలో అందరూ ఏదోటి అంటారు తాతా," అంది లిఖిత.

"ఆయనే," అంది యంత్రం. "ఆయన నాకు పాఠంగా చూపిన మొట్టమొదటి పొడుగు గుడ్డు ఇదే. చూడగానే పోల్చాను."

లిఖిత గబుక్కున మీట నొక్కింది. అప్పటికి నొక్కి లాభం లేదు. "తెలిసీ ఎందుకాగలేదు?" అంది.

"కన్ను ఎవరిదో చూడమని ఆయన నాకు నేర్పలేదు. టేబులు ఏదో చూడమని నేర్పాడు." తర్వాత అలవాటు ప్రకారం పేషెంటుతో అంది. "రెండో కన్నుందిగా. వచ్చే నెల రా."

కుడి కన్ను పోయింది. మెట్లమీద పడ్డానని విశాఖలో చెప్పుకున్నాడు. నిబంధన శుక్లం గురించే తప్ప దెబ్బ గురించి ఏమీ అనదు. లిఖిత అడగకుండానే ఆమెకు విశాఖ బదిలీ వచ్చింది. ఆమె కూడా నోరు మెదపలేదు.

ఇక మిగిలింది యంత్రాన్ని దిద్దడం. గురువుకు అది పూటలో పని. కొక్కెం పట్టి ఆగి చూపిస్తే చాలు, మర్నాటినుంచి రాష్ట్రమంతా ఆగుతుంది. కానీ ఇన్నాళ్ళూ ఎందుకు ఆగలేదని ఎవరైనా అడగరూ? ఆలోచించి ఆలోచించి, ఒకే ఒక్క గుడ్డు ఆకారాన్ని దానికి మప్పాడు. ఆ కన్ను ఏ టేబులు మీద కనబడినా ఆగాలని చెప్పాడు.

నెల తిరిగాక పాడేరులోనే ఎడమ కన్ను చేయించుకున్నాడు. "కాస్త ఓపిక పట్టండి సార్," అంటూ అనుహస్తం కొక్కెంతో తెర ఎత్తి, ఆగింది.

కట్టు విప్పిన రోజు బయట బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా కొండమీది చెట్లు విడివిడిగా కనబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక కళ్ళద్దాల్లేకుండా అంత దూరం ఆయన ఎప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్న ముసలాయన అరచేతిని మొహం ముందు అటూఇటూ ఆడించుకుంటున్నాడు.

"నాకేటీ అగుపించట్లేదు బాబూ. ఇలాగే ఉంటదా?"

"ఉంటుంది," అన్నాడు భార్గవరామ్, కొండమీంచి చూపు తిప్పకుండా. "రెండో కన్నుందిగా."