పొట్టి యాంటెనా

నా పేరు ఇస్సాకు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద నాదొక రేకుల షెడ్డు ఉంది. కార్ల కరెంటు పని చేస్త. హారన్లు, లైట్లు, స్టార్టర్ మోటార్లు, రేడియోలు, ఏదైనా సరే. ఇరవై రెండేండ్లాయె. నాకు కోపం జల్దీ వస్తది, నా పెండ్లాం మార్తమ్మ ఆ మాట రోజుకు రెండుసార్లన్న అంటది. పని చేస్తుంటే పక్కన నిలవడి సలహాలు చెప్పేటోళ్లంటే మండుతది. దెయ్యాల ముచ్చట్లు చెప్పేటోళ్లంటే ఇంకింత మండుతది. మంత్రాలకు చింతకాయలు రాలుతయా అని మస్తు మందిని ఎగతాళి చేసిన. గందుకే ఇప్పుడు నేను చెప్తుంటే ఎవ్వలు నమ్ముతలేరు.

మొన్న ఆగస్టుల, పగటిపూట మూడు దాటింది. సన్నగ ముసురు పడుతాంది. గాలి జవహర్‌నగర్ దిక్కు నుంచి తిరిగింది. చెత్త డంపు వాసన వచ్చి షెడ్డుల కూసుంది. ఆ వాసన మాకు అలవాటే, అయినా ముసురు పట్టిననాడు అన్నం తినబుద్ధి గాదు. డబ్బా మూత పెట్టి పక్కకు జరిపిన. అప్పుడే పాత తెల్ల కారొకటి వచ్చి ఆగింది.

నడుపుకుంట వచ్చింది ఆమని. రావల్కోల్ పటేండ్లింటి చిన్నకోడలు. ఆమె మొగడు అన్వేష్ రెండేండ్లుగ కనవడుతలేడు. ఆ సంగతి మా దిక్కు అందరికెరుకే. వాళ్ల కొత్త ప్లాట్ల వెంచర్ కాడ పని చూసొస్తనని పోయినోడు మళ్ల ఇంటికి రాలే. కారు శామీర్‌పేట బస్టాండు కాడ దొరికింది, తాళాలు దానికే వేలాడుతున్నయి. తమ్ముడు అలిగి బొంబాయి దిక్కు పోయిండని వాళ్లన్న హరీష్ చెప్పిండు. పెద్దింటి మాట. అందరు గదే నమ్మిండ్రు.

"అన్నా, యాంటెనా విరిగింది. జర చూడు" అన్నది ఆమని.

ఆ కారుకు డిక్కీ పక్కన మోటారు యాంటెనా ఉంటది. రేడియో పెడితే గిర్రుమని గజం పొడుగు పైకి లేస్తది, బంద్ చేస్తే లోపలికి దిగుతది. ఇప్పుడు సగంల వంగి ఇరుక్కుంది. లోపల మోటారు ఊకె తిరుగుతాంది. దాన్ని పైకి నెట్టే ప్లాస్టిక్ తాడు తెగింది.

"ఏం తగిలిందమ్మా?"

"చెట్టు కొమ్మ తగిలిందట. బావ చెప్పిండు."

దగ్గరికి వంగి చూసిన. కొమ్మ తగిలితే గీత పడుతది. దీని మీద వైర్లు వంచే పకడు పండ్ల గాట్లున్నయి, రెండు దిక్కుల. ఎవలో గట్టిగ పట్టి వంచిండ్రు. చూసిన, నోరు మూసుకున్న. ఇంటి మనుషుల లొల్లిల మనకేం పని.

"ఈ సామాను ఇప్పుడు దొరకదమ్మా. పొట్టిది పెడుత, జానెడుంటది. లేచుడు లేదు, దిగుడు లేదు. పరేషానే ఉండదు."

"అది కూడ గంత దూరంవి పట్టుకుంటదా?"

"దూరంవి పడవు. దగ్గరివే పడుతయి. పాటలు మంచిగనే వస్తయి తియ్యి."

ఆమె మొకం మాడిపోయింది. షెడ్డు బయట ఎవరన్న ఉన్నరా అని చూసుకొని దగ్గరికొచ్చింది.

"ఎవ్వలికి చెప్పకు అన్నా. రోజూ పొద్దుగూకే యాళ్లకు కార్ల కూసుంట. రెండు స్టేషన్ల నడుమ రేడియో ముల్లు పెడితే... ఆయన పిలుస్తడు. నా పేరే. మస్తు సన్నగ. ఎక్కడో చానా దూరంల ఉన్నడు. బతికే ఉన్నడు. గందుకే పొడుగుదే గావాలె."

ఇంకెవలన్న అయితే తిట్టి పంపేటోన్ని. ఆమెను తిట్టబుద్ధి గాలే. ఆమె కండ్లల్ల పిచ్చి లేదు. రెండేండ్లు నిద్ర లేని మనిషి కండ్లవి. పాణం ఉసూరుమంది.

ఏదో చెప్పి సముదాయిద్దామనుకునేసరికి మోటర్‌సైకిల్ మీద హరీష్ దిగిండు. ఆమె బావ. మనిషి నిమ్మళంగనే మాట్లాడుతడు, గని ఆయన మాట్లాడినంక ఎవ్వలు మాట్లాడరు. నా షెడ్డున్న జాగ కూడ వాళ్లదే. పొమ్మంటే తెల్లారి పోవాలె.

"పొట్టిది పెట్టు ఇస్సాకూ" అన్నడు. "ఆ గరగర వినుకుంట ఈమె దిమాక్ ఖరాబ్ చేసుకుంటాంది. జల్దీ కానియ్యి. పోతూ పోతూ వెంచర్ కాడ పనుంది, ఈమెను తోలుకపోవాలె."

ఆమని పోయి చూరు కింద స్టూలు మీద కూసుంది.

డిక్కీ లోపలి అట్ట విప్పిన. పాత మోటారు ఊడదీసి, దాని కరెంటు తీగకు టేపు చుట్టి కట్టిన. రంధ్రం పెద్దదుంటే రబ్బరు బిళ్ల ఏసి, కింద రంగు గీకి, పొట్టి యాంటెనా బిగించిన. అరగంట పని. చేతులు తుడుచుకొని ముందు సీట్ల కూసుండి రేడియో పెట్టిన. పాట ఖంగుమన్నది. నా పని మీద నాకే ముచ్చటైంది. ఇంకో స్టేషన్ చూద్దామని ముల్లు జరిపిన. గరగర. ఇంకింత జరిపిన.

"ఆమనీ..."

చెయ్యి ఆగింది. సన్నగ లేదు. దూరంగ లేదు. వెనక సీట్ల మనిషి కూసుండి పిలిచినట్టే ఉంది. తిరిగి చూసిన. ఎవ్వలు లేరు. అద్దంలకెళ్లి హరీష్ ఒక్కడే కనవడుతుండు, డిక్కీకి ఆనుకొని సిగరెట్టు కాలుస్తుండు. ఆమని దూరంగ స్టూలు మీద ఉంది, ఆమెకు వినవడలే.

అప్పుడు వాసనొచ్చింది. డంపు వాసన గాదు. పచ్చి సిమెంటు వాసన. తడిసిన సిమెంటు బస్తా విప్పితే ఎట్లుంటదో, గట్ల. సల్లగ ముక్కుల పడ్డది.

రేడియో బంద్ చేసిన. లూజ్ కనెక్షన్ ఇస్సాకూ, అనుకున్న. వైరు ఊపి చూసిన. ఎర్తు చూసిన. అన్నీ మంచిగనే ఉన్నయి. నాకు నా మీదనే కోపమొచ్చింది. ఆమె చెప్పింది చెవుల పడి గిట్లైతాంది అనుకున్న. "ఒక రౌండ్ కొట్టొస్త పటేలా" అని చెప్పి కారు తీసిన.

శామీర్‌పేట దిక్కు రెండు కిలోమీటర్లు పోయిన. ముల్లు అక్కడనే ఉంచిన. ఏమీ రాలే, గరగర ఒక్కటే. వాసన కూడ లేదు. దేవా నీకు స్తోత్రం అనుకొని నవ్వుకున్న. కారు తిప్పిన.

షెడ్డు ఇంకా ఫర్లాంగు దూరముందనంగ గరగరల ఏదో కదిలింది. షెడ్డు ముందట రోడ్డు మీద హరీష్ నిలవడి నా దిక్కే చూస్తుండు. నేను దగ్గరికి పోతున్న కొద్ది...

"...మనీ..."

"ఆమనీ..."

షెడ్డు ముందట బ్రేకు తొక్కిన. రేడియో మీదికి చెయ్యి పోలే.

హరీష్ రోడ్డు దాటి అవుతలి చాయ్ హోటల్‌లకు పోయిండు. గొంతు సన్నబడ్డది. లోపలికి పోయిండు. గొంతు ఆగింది. చాయ్ గిలాస పట్టుకొని బయటికొచ్చిండు. గొంతొచ్చింది. మళ్ల ఇటు దాటిండు. గొంతు పెద్దగైంది.

కార్ల లేదు ఆ గొంతు. ఎక్కడో దూరంల లేదు. నాకు సమజైంది. సమజైనంక ఒళ్లంత చెమట పట్టింది, అంత ముసురుల కూడ.

పక్క తలుపు తీసుకొని ఆమని ఎక్కి కూసుంది. విన్నది. రెండు చేతులు నోటికడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతాంది. కండ్లల్ల నీళ్లు కారుతుంటే నవ్వుతాంది.

"దగ్గరికొచ్చిండన్నా... చూసినవా... దగ్గర్నే ఉన్నడు..."

హరీష్ కిటికీ కాడికి వచ్చి వంగిండు. ఆయన తల లోపలికి పెట్టంగనే కారంత ఆ గొంతే అయింది. అది పిలుపు గాదిగ. మీద బరువు పెట్టినంక ఊపిరాడక పిలిచే గొంతు. "ఆమనీ... ఆమనీ..." సిమెంటు వాసనకు నాకు దగ్గొచ్చింది.

హరీష్ విన్నడు. నేను చూసిన. ఆయన పెదవులు తెల్లగైనయి. చెయ్యి లోపలికి పెట్టి మెల్లగ బటన్ తిప్పి బంద్ చేసిండు. ఆ చెయ్యి గోర్లల్ల సిమెంటు ఉంది.

"ఉత్త గరగర" అన్నడు. "గంతే గదా ఇస్సాకూ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేం అడగకముందే అన్నడు.

ఆమని నవ్వుడు ఆపింది. బావ మొకం చూసింది. ఆ తెల్ల పెదవులు చూసింది. ఆమెకు కూడ ఏదో సమజైతాంది, గని ఆమె దాన్ని నమ్మదలుచుకోలే. నా దిక్కు తిరిగింది.

"ఇస్సాకన్నా, నిజం చెప్పు. దూరమా? దగ్గరనా?"

చెప్పొచ్చు. ఒక్క మాట. కారు దిగమ్మా అంటే దిగేది. ఎదురుంగ హోటల్ల పది మంది ఉన్నరు, పట్టపగలు. గని హరీష్ నా దిక్కే చూస్తుండు, రెప్ప కొట్టకుంట. నా షెడ్డు, నా సామాన్లు, నా పెండ్లాం, అన్నీ ఒక్కసారే యాదికొచ్చినయి.

"గరగర అమ్మా. స్టేషన్ల నడుమ గట్లనే వస్తది."

ఆమె తల ఊపింది. నేను దిగిన. హరీష్ ఎక్కి స్టీరింగు పట్టిండు. మోటర్‌సైకిల్ ఇక్కడనే ఉండనియ్యి, రేపొచ్చి తీస్కపోత అన్నడు. కారు కదిలింది. ఆమె కిటికీలకెళ్లి నా దిక్కే చూస్తాంది. మలుపు దాకా చూసింది.

ఆ రాత్రి నేను అన్నం తినలే. ఏమైందని మార్తమ్మ అడిగింది. ఏం లేదన్న.

తెల్లారి పది గంటలకు హరీష్ ఆటోల దిగిండు. బూట్ల మీద, ప్యాంటు మోకాళ్ల దాకా సిమెంటు మరకలు, ఇంకా తడారలే.

"ఆమనమ్మ ఎట్లుంది పటేలా?"

"వాళ్లమ్మ కాడికి కీసర పోయింది."

"ఒక్కతేనా?"

"నీకెందుకు ఇస్సాకూ" అని బండి కాడికి పోయిండు. గోడకున్న నా చిన్న రేడియో మీద నా చెయ్యి ఎప్పుడు పడ్డదో నాకే ఎరుకలేదు. దానికి కూడ పొట్టి యాంటెనానే, జానెడు. ముల్లు తిప్పిన. స్టేషన్ల నడుమ పెట్టిన.

వచ్చినయి. రెండు గొంతులు. ఒకటి మొగది. ఒకటి ఆడది. ఒకదాని మీద ఒకటి పడి ఏమంటున్నయో తెలుస్తలేదు.

హరీష్ బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కిండు. మొగ గొంతు సన్నబడుకుంట బండెంబడి పోయింది. మలుపు కాడ ఆగిపోయింది.

ఆడ గొంతు పోలే.

వాళ్లమ్మ ఇంటికి ఫోన్ చేయించిన. ఆమె అక్కడికి రానే లేదన్నరు. పోలీస్ ఠాణాకు పోయి చెప్పిన, ఏడ్చుకుంట చెప్పిన. రేడియో ముచ్చట కాడికి రాంగనే రాసే చెయ్యి ఆగింది. పెద్దింటి మీద గింత మాటకు రుజువేందన్నరు. రుజువు నా సంచిల ఉంది. రేడియో తీసి వినిపించిన. వాళ్లకు గరగరనే వినవడ్డది.

రేడియో పట్టుకొని ఎక్కడెక్కడో తిరిగిన. మేడ్చల్ బస్టాండు కాడ విన్న. చర్చి మెట్ల మీద కూసుండి విన్న. కీసర దాకా పోయి విన్న. ఎంత దూరం పోయినా ఆ ఆడ గొంతు ఒక్క ఇసుమంత తగ్గలే. మూడు వారాల కింద బ్యాటరీలు తీసేసిన. యాంటెనా విరగ్గొట్టి కాల్వల పారేసిన. ఇప్పుడు కూడ ఇంట్ల ఉన్నా, షెడ్డుల ఉన్నా, పచ్చి సిమెంటు వాసన రాంగనే చేస్తున్న పని ఆపి కూసుంట. వెనక నుంచి, చెవి పక్కకెళ్లి, మెల్లగ అడుగుతది.

"ఇస్సాకన్నా, నిజం చెప్పు... దూరమా? దగ్గరనా?"