ఆకుపచ్చ నశ్యం బుడ్డి

గొన్‌చిగ్‌కు ఆ పని అప్పగించిన మనిషికి, అప్పగించే సమయానికి, ఉద్యోగం లేదు.

ఆ పొద్దున్నే ప్రధానమంత్రి రాజీనామా చేశాడు. ఆయనతో పాటు క్యాబినెట్ పోయింది. క్యాబినెట్‌తో పాటు గూఢచారి శాఖలో పైవాళ్ళందరూ పోయారు. మా ఉలాన్‌బాతర్‌లో ప్రభుత్వం పడిపోతే ఎవరూ కిటికీలోంచి తొంగి కూడా చూడరు. కర్నల్ జమ్యాన్ టేబుల్ సొరుగులు అట్టపెట్టెలోకి దులుపుకుంటూనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"తలుపెయ్యి. కూర్చో. కాదు కాదు, ఆ కుర్చీ నా సొంతం, పట్టుకెళ్ళాలి. నిలబడు."

గొన్‌చిగ్ నిలబడ్డాడు. శాఖలో చేరినప్పటి నుంచి అతను చూసిన బాసుల్లో జమ్యానే కాస్త ఎక్కువ కాలం నిలిచినవాడు.

"దమ్‌దిన్ గారు ఎలా పోయారు?"

"గుండెపోటు సార్. పేపర్లో వేశారుగా."

"రేపు నేను కూడా స్వచ్ఛందంగా తప్పుకున్నానని వేస్తారు. గుండెపోటు కాదయ్యా, విషం. నశ్యంలో కలిపి ఇచ్చారు. పీల్చిన కాసేపటికి గుండె ఆగుతుంది. డాక్టర్లకి ఏమీ దొరకదు. పెద్దవయసు కదా అని అందరూ సరిపెట్టుకుంటారు."

దమ్‌దిన్ పార్లమెంటు గనుల కమిటీ సభ్యుడు. ఉత్తరాన ఒక నది పుట్టే లోయని విదేశీ సిండికేట్‌కి మనవల కాలం దాకా లీజుకిచ్చే బిల్లు ఆ కమిటీ ముందుంది. దమ్‌దిన్ పోయాక ఓట్లు చెరిసగమయ్యాయి. ఇక తేల్చాల్సింది చైర్మన్ యోందోన్ ఒక్కడే. ఆ ముసలాయన ఆ లోయలో పుట్టాడు. చచ్చినా ఇవ్వనన్నాడు.

"అందుకని చంపేద్దామనుకున్నారు," అన్నాడు కర్నల్. "కొత్త ఏడాది, తెల్ల నెల పండగ కాగానే ఓటింగ్. పండగ రోజు వచ్చిన ప్రతివాడూ తన నశ్యం బుడ్డి చాస్తాడు కదా, అప్పుడే పని కానిచ్చేస్తారు. వైర్‌ట్యాప్‌లో మనకి దొరికింది ఒక్క ముక్క: 'ఆకుపచ్చ రాయి పండగకి వస్తుంది.'"

"ఎవరి రింగ్ సార్ ఇది? ఉత్తరం పొరుగువాళ్ళదా, దక్షిణం పొరుగువాళ్ళదా?"

"నువ్వడగలేదు, నేను వినలేదు. ఒకళ్ళు మనకి పెట్రోలు అమ్ముతారు. ఇంకొకళ్ళు మన బొగ్గు కొంటారు. ఎవరి పేరెత్తినా చలికి చస్తాం."

"నాకు పవర్స్ ఏమున్నాయి?"

"నాకే లేవు! వారెంట్ మీద సంతకం పెట్టే దిక్కు లేదు. బ్యాకప్ లేదు. అరెస్ట్ చెయ్యలేవు, సోదా చెయ్యలేవు, విదేశీయుడైతే గట్టిగా మాట్లాడనూ లేవు. ముసలాయన మాత్రం బతకాలి. అదీ ఆపరేషన్." కర్నల్ పెట్టెలోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. "విషానికి తగిలితే ఎర్ర లైటు వెలుగుతుంది. రసీదు అడక్కు. పార్లమెంటులో మన ఏజెంట్ ఉంది, ఇంటర్‌ప్రెటర్ సొలోంగో. అవసరమైతే తనే కాంటాక్ట్ చేస్తుంది."

గొన్‌చిగ్ సెల్యూట్ కొట్టాడు. ఎవరికి కొట్టాడో అతనికే తెలియదు.

*

ఆ మధ్యాహ్నమే అతను తిన్నగా యోందోన్ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఊరి అంచున కొండవాలు మీద, చెక్క కంచె లోపల ఆయన గెర్ ఉంటుంది. పార్లమెంటు వాళ్ళు ఫ్లాట్ ఇచ్చినా ఆయన ఆ గుండ్రటి ఉన్ని గుడారం వదల్లేదు. ముసలాయన పొయ్యి పక్కన కూర్చుని అంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఉప్పు పాల టీ పోశాడు.

"తాగు బాబూ. మొహం పీక్కుపోయింది."

"తాతగారూ, పండగ రోజు తలుపులు వేసుకోండి. జ్వరమని చెబుదాం."

"తెల్ల నెల మొదటి రోజు మంచాన పడితే ఏడాదంతా మంచమే. ఆ మాట ఎత్తకు."

"పోనీ, బుడ్డి మూత వాసన చూసి తిరిగిచ్చెయ్యండి. చాలామంది అంతే చేస్తారుగా."

"చాలామంది చేస్తారు. యోందోన్ చెయ్యడు." ఆయన తన ముక్కు తట్టి చూపించాడు. "గొర్రెల కాపరి ఇచ్చినా, మంత్రి ఇచ్చినా చిటికెడు తీసి పీలుస్తానని దేశమంతా తెలుసు. ఈ ముక్కుకే ఓట్లేశారు నాకు. చేయి చాచినవాడి నశ్యం కాదంటే, ఆ మనిషినే కాదన్నట్టు."

"ఆ చాచినవాడే హంతకుడైతే?"

"నా ఇంట్లో, పండగ పూట, అతిథిని పట్టుకుని హంతకుడంటావా? అన్నావంటే నిన్ను బయటికి పంపిస్తా. వాడి మనసు నొచ్చుకుందని ఇంకో చిటికెడు పీలుస్తా. తెలిసిందా?"

తెలిసింది. కత్తికి అడ్డు పడొచ్చు, తూటాకి అడ్డు పడొచ్చు. మర్యాదకి ఎలా అడ్డు పడాలో గొన్‌చిగ్‌కి ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. చేతకాని కోపంతో అతని కళ్ళు చెమర్చాయి. అది పొయ్యి పొగ వల్లనేమో అనుకుని ముసలాయన తలుపు కొద్దిగా తెరిచాడు.

*

మారువేషానికి కష్టపడాల్సిన పని లేకపోయింది. పండగ రోజు ఏ ఇంటికెళ్ళినా ఎవరి కొడుకో, ఎక్కడివాడో తెలియని చుట్టం ఒకడు ఉంటాడు. అందరూ వాణ్ణి కావలించుకుంటారు, ఎవరూ ఏమీ అడగరు. గొన్‌చిగ్ పాత గోధుమరంగు అంగీ వేసుకుని, నారింజ రంగు పటకా బిగించి, దూరాన ఉన్న జవ్‌ఖన్ నుంచి వచ్చిన మేనల్లుడినని చెప్పుకున్నాడు. ఇద్దరు ముసలమ్మలు అచ్చం తండ్రి పోలికేనని మురిసిపోయారు కూడా.

ప్లాన్ తేలికైనదే. అతిథులు పెరట్లో వరసగా నిలబడతారు. వాళ్ళ బుడ్డీలను ముందు తనే అందుకోవాలి, మూత వాసన చూస్తున్నట్టు నటించాలి, అంగీ చేతి మడతలోని పెన్ను తాకించాలి, తిరిగిచ్చెయ్యాలి. మొదటి కొద్దిమంది దాకా బాగానే సాగింది. ఆ తర్వాత ఆ మైనస్ ముప్పై డిగ్రీల చలికి పెన్ను బ్యాటరీ చచ్చింది. చంకలో పెట్టి వెచ్చబెడితే ప్రాణం లేచొచ్చింది గానీ, ఇక ప్రతిదానికీ ఎర్ర లైటే. ఒక పీఠాధిపతి బుడ్డికీ ఎరుపే. తన బొటనవేలికీ ఎరుపే. అతను పెన్ను జేబులో పడేసి, తుమ్ముకుంటూ లోపలికొచ్చి ముసలాయన పక్కన నిలబడ్డాడు.

లోపల యోందోన్ తలుపుకి ఎదురుగా, పెద్దల చోట కూర్చున్నాడు. ముందు బల్ల మీద కొవ్వు పట్టిన గొర్రె నడుము, అంతస్తులుగా పేర్చిన పొడుగు రొట్టెలు. వచ్చినవాళ్ళు ఆయన మోచేతుల కింద తమ చేతులు ఆనించి సుఖశాంతులు అడుగుతున్నారు. తర్వాత బుడ్డీలు చేతులు మారుతున్నాయి. ఎర్రవి, తెల్లవి, ఆకుపచ్చవి. ముసలాయన ప్రతిదాంట్లోంచీ చిటికెడు తీసి హాయిగా పీలుస్తున్నాడు. ఆయన పీల్చిన ప్రతిసారీ గొన్‌చిగ్ గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంటోంది.

అప్పుడు సొలోంగో వచ్చింది.

ముత్యాలరంగు పట్టు అంగీ, వెండి చెవిపోగులు. ఆమె తల వంచుకుని లోపలికి రాగానే గెర్‌లో మాటలు ఒక క్షణం ఆగాయి. వెనక ఒక విదేశీయుడు. గొన్‌చిగ్ అతన్ని ఇదివరకే పార్లమెంటు కారిడార్లలో చూశాడు. సిండికేట్ కన్సల్టెంట్, పేరు కాస్క్. పాస్‌పోర్టులో మాత్రమే ఆ పేరు. మా అంగీయే వేసుకున్నాడు. గడప తొక్కలేదు. ఎడమ పక్క నుంచే నడిచాడు. అంగీ చేతుల మడతలు కిందికి దించాడు. పెద్దలకి గౌరవంగా చాచే నీలం పట్టు కండువా మడత సరిగ్గా పట్టుకున్నాడు. ముసలమ్మలు మెచ్చుకోలుగా తలలూపారు.

సొలోంగో టీ అందుకునే మిషతో గొన్‌చిగ్ పక్కకి వచ్చింది.

"ముక్కు ఎర్రబడిందన్నా. జలుబా?" అంది చిన్నగా నవ్వుతూ.

"ఆ కన్సల్టెంట్ దగ్గర ఏ రంగు బుడ్డి ఉంది?"

"నీకు తెలుసుగా."

గొన్‌చిగ్ ఆమె కళ్ళలోకి చూశాడు. శాఖ జీతం పుచ్చుకుంటున్న మనిషి, ఇంకొకళ్ళ దగ్గరా పుచ్చుకుంటోంది.

"ఆపు సొలోంగో. నిన్నూ వాణ్ణీ ఇప్పుడే..."

"అరెస్ట్ చేస్తావా? ఎవరి సంతకంతో? గంటకో మంత్రి మారే దేశంలో నేను ఎవరికని నమ్మకంగా ఉండాలి, నువ్వే చెప్పు." నవ్వు పోయింది ఆమె మొహంలో. "అరవాలనుంటే అరుచుకో. బయట టీవీ వాళ్ళున్నారు. పొరుగువాళ్ళు సరిహద్దు గేటు రేపే మూసేస్తారు. పైగా తాతగారు నిన్నే గెంటేస్తారు."

ఆమె చెప్పిందంతా నిజమే. అదే అతన్ని నిలువునా చంపుతోంది.

కాస్క్ ముసలాయన ముందు వంగాడు. మోచేతుల కింద చేతులు ఆనించాడు. మా భాషలో, మా యాసలో, పశువులు బాగా చలి తట్టుకుంటున్నాయా అని అడిగాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. కాస్క్ గుండెల దగ్గరి మడతలోంచి పట్టుసంచీ తీశాడు, అందులోంచి ఆకుపచ్చ రాతి బుడ్డి తీశాడు, మూత కొద్దిగా వదులు చేశాడు, ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని బుడ్డి చాచాడు. యోందోన్ అరచెయ్యి చాచాడు.

ముసలాయన ఆ హెచ్చరిక గుర్తున్నట్టు గొన్‌చిగ్ వైపు ఒక్కసారి చూశాడు. ఆయనకి తెలుసు. తెలిసే చెయ్యి చాచాడు.

గొన్‌చిగ్ ఆలోచించలేదు. ఒక అడుగు ముందుకేసి, బూటు మడమతో కాస్క్ పాదాన్ని గట్టిగా తొక్కాడు. తొక్కిన మరుక్షణం, చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఉన్న అలవాటుగా, కుడిచెయ్యి చాచాడు.

మాలో ఎవరి కాలైనా తొక్కితే వెంటనే చెయ్యి కలపాలి. బస్సులోనైనా, పెళ్ళిలోనైనా, పార్లమెంటులోనైనా. కలపకపోతే ఆ ఇద్దరూ శత్రువులైనట్టే లెక్క. తొక్కినవాడి చెయ్యీ, తొక్కించుకున్నవాడి చెయ్యీ వాటంతటవే లేస్తాయి.

కాస్క్ చెయ్యి లేవలేదు. నొప్పికి మొహం చిట్లించాడు, గొన్‌చిగ్ చాచిన చేతిని చూశాడు, మళ్ళీ ముసలాయన వైపే బుడ్డి చాచాడు.

గెర్‌లో అందరి తలలూ కాస్క్ వైపు తిరిగాయి. ఒక ముసలమ్మ "అయ్యయ్యో" అంది. యోందోన్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముందు వాడి చెయ్యి పట్టుకో నాయనా," అన్నాడు. "నా ఇంట్లో పండగ పూట పగ పెట్టుకున్నవాడి నశ్యం నేను తీసుకోలేను."

కాస్క్ సొలోంగో వైపు చూశాడు. ఆమె మొహం తెల్లబోయింది. అతను బుడ్డి ఎడమచేతికి మార్చుకుని చెయ్యి కలిపాడు. గొన్‌చిగ్ ఆ చెయ్యి వదల్లేదు.

"మా జవ్‌ఖన్‌లో ఇలా రాజీ పడ్డవాళ్ళు బుడ్డీలు మార్చేసుకుంటారు," అన్నాడు గట్టిగా. "శాశ్వతంగా. నాది మీకు, మీది నాకు."

జవ్‌ఖన్‌లో అలాంటి ఆచారమేమీ లేదు. ఎక్కడా లేదు.

"అవునవును, మా అమ్మమ్మ చెప్పేది," అంది ఒక ముసలమ్మ.

"మా తాత అలా ఇచ్చే మంచి బుడ్డి పోగొట్టుకున్నాడు," అన్నాడు ఇంకొకాయన.

ఇంతమంది పెద్దలు ఒప్పుకున్న ఆచారాన్ని విదేశీయుడు ఎలా కాదంటాడు? గొన్‌చిగ్ తన చవక గాజు బుడ్డిని కాస్క్ చేతిలో పెట్టి, ఆకుపచ్చ బుడ్డి మూత బిగించి గుండెల దగ్గర దోపుకున్నాడు. కాస్క్ చాచిన ఆ గాజు బుడ్డిలోంచి ముసలాయన చిటికెడు తీసి పీల్చి తుమ్మాడు. అందరూ చల్లగా ఉండమని దీవించారు.

తలుపు దగ్గర గొన్‌చిగ్ సొలోంగోని ఆపాడు. "వాడికి అన్నీ నేర్పావు. ఇదెలా మర్చిపోయావు?"

"అది నేర్పే విషయమా అన్నా? మనకెవరు నేర్పారు?" అంది. ఆమె మొహం తిప్పుకుంది. అది ఓడిపోయినందుకో, ముసలాయన బతికినందుకో అతనికి ఎప్పటికీ తేలలేదు.

*

ఆ పై కథ గెలుపులా ఉండదు. బుడ్డిని ల్యాబ్‌కి పంపడానికి సంతకం కావాలి. సంతకం పెట్టే బాస్ ఇంకా రాలేదు. కాస్క్ మర్నాటి విమానంలో వెళ్ళిపోయాడు. ఒక రాయబార కార్యాలయం నుంచి ఫోనొచ్చింది, తమ పౌరుడి పురాతన వస్తువు పొరపాటున చేతులు మారిందని. కొత్త బాస్ వచ్చీ రాగానే చేసిన మొదటి పని ఆ బుడ్డిని క్షమాపణలతో తిరిగి పంపడం. సొలోంగో కొత్త విదేశాంగ మంత్రికి సలహాదారైంది.

అయినా యోందోన్ బతికాడు. కమిటీలో చెయ్యెత్తి వద్దన్నాడు. ఒక్క ఓటు తేడాతో బిల్లు వీగిపోయింది. ఆ రాత్రి గొన్‌చిగ్ కడుపునిండా తిన్నాడు.

వారం తిరక్కుండానే కొత్త విదేశాంగ మంత్రి టీవీ కెమెరాలను వెంటేసుకుని కొండవాలు మీది గెర్‌కి వచ్చాడు. నీలం పట్టు కండువా మీద ఒక ఉత్తర్వు పెట్టి, రెండు చేతులతో, తల వంచి చాచాడు. సముద్రాలు దాటితే గానీ రాని ఏదో దేశానికి యోందోన్ రాయబారి. రాయబారి పార్లమెంటులో కూర్చోకూడదు. లోయ బిల్లు వసంతంలో మళ్ళీ వస్తుంది, వేరే పేరుతో.

ముసలాయన రెండు చేతులూ చాచి తీసుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో ఆయన్ని సాగనంపడానికి వచ్చింది గొన్‌చిగ్ ఒక్కడే. పండగ అంగీలో ఆయన మరీ చిన్నగా కనిపించాడు. ఆయన్ని బతికించి ఏం ఒరిగిందో గొన్‌చిగ్‌కి అర్థం కాలేదు.

"వద్దనాల్సింది తాతగారూ."

"అంత గౌరవంగా చాస్తే ఎలా వద్దంటాన్రా? నువ్వు లేకపోయావు. ఉంటే మంత్రిగారి కాలు తొక్కేవాడివి."

"తొక్కినా లాభం లేదు తాతగారూ," అన్నాడు గొన్‌చిగ్. "ఆయన మనవాడేగా. వెంటనే చెయ్యి కలిపేస్తాడు."