మాట్లాడని దారులు

ఎసరు మరుగుతుండగా నూకరత్నం ఎడమ అరచేతిని చెంతపలక మీద ఆనించింది. ఆనించిన మరుక్షణం నిప్పు తాకినట్టు వెనక్కి లాక్కుంది.

"ఒలమ్మా! ఇది మా ఇంటాయన సెయ్యి కాదే!" అని వీధి మొత్తానికి వినబడేలా అరిచింది.

పక్కింటి కొత్త కోడలు అసిరి పరుగెత్తుకొచ్చి, సంగతి విని నవ్వింది. "సెయ్యి మారితే మారింది గానీ అత్తా, పడుచోడిదేనా?"

"నోర్ముయ్యే! ముప్పై ఏళ్లబట్టి పట్టుకున్న సెయ్యి. నాకు తెల్దా?" అంది నూకరత్నం. అరచేతిని చీర కుచ్చెళ్లకి తుడుచుకుంటూ, "ఎవడిదో పాపం, సెమట్లు పట్టీసున్నాది" అని కూడా అంది.

చిప్పలరేవులో మగవాళ్లు తెప్పలు వదిలేసి రెండు తరాలైంది. ఇప్పుడు వాళ్లు చేపల కోసం సముద్రం మీదికి వెళ్లరు, లోహపు గడ్డల కోసం సముద్రం అడుక్కి వెళ్తారు. ఒక్కొక్కరు ఒక్కో మునకగూట్లో కూర్చుని పన్నెండు గంటలు ఏరుతారు. ఒడ్డుకీ అడుగుకీ మధ్య ఉన్న సంబంధం 'సన్నిధి' ఒక్కటే. దాని చెంతపలక మీద చెయ్యి పెడితే అవతలి మనిషి అరచేతి వెచ్చదనం తగులుతుంది, నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. నోరు తెరిస్తే మాట కూడా వెళ్తుంది. లోకమంతా ఇప్పుడు ఆ పలకల మీదే నడుస్తోంది. పెళ్లిచూపులు, పరామర్శలు, పంచాయితీలు అన్నీ అక్కడే. దూరం అనే మాటని పిల్లలు లెక్కల పుస్తకంలో తప్ప ఎక్కడా వినడం లేదు.

చిప్పలరేవు మాత్రం ఆ పలకకి తన పాత కట్టుబాటు తగిలించింది. నీళ్లలో ఉన్న మనిషిని ఒడ్డున ఉన్నవాళ్లు ముందుగా పిలవకూడదు. పిలిస్తే కీడు. అతను పిలిస్తే పలకాలి, పిలవకపోతే చెయ్యి ఆనించి ఊరుకోవాలి. అందుకే ఆ రేవు ఆడవాళ్లు ఒంటి చేత్తో బియ్యం ఏరడం, ఒంటి చేత్తో పిల్లలకి అన్నం పెట్టడం నేర్చారు. రెండో చెయ్యి అడుగున ఉన్న మనిషికి కాపలా. గూట్లో గాలి చెడితే ముందు వేళ్లు చల్లబడతాయని అక్కడ ఊహ తెలిసిన ప్రతి పిల్లకీ తెలుసు. పలక చల్లబడిందంటే చాలు, రేవు రేవంతా కేకలు పెడుతుంది, పైకి లాగే పడవలు కదులుతాయి.

నూకరత్నం ఫిర్యాదు సన్నిధి కేంద్రంలో తరళ దగ్గరికి చేరింది. గరికిన తరళ నూకరత్నానికి స్వయానా మేనకోడలు. చిప్పలరేవు నుంచి ఆ కేంద్రంలో దారుల నిపుణురాలైన మొదటి మనిషి.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఆమెకి నాలుగు రోజులు పట్టింది. పలక నుంచి పలకకి స్పర్శనీ మాటనీ మోసే దారులు సముద్రం కింద పన్నెండు వందలే, వాడుకునేవాళ్లు తొమ్మిది వేలమంది. ఎవరి దారి వాళ్లకి ఇవ్వడం కుదరదు కాబట్టి దారులన్నిటినీ ఒకచోట ఉంచి, అడిగినవాళ్లకి ఇచ్చి, పని కాగానే వెనక్కి తీసుకుంటారు. ఆ చోటుకి కేంద్రంలో అందరూ 'దారుల దొడ్డి' అని పేరు పెట్టుకున్నారు. దొడ్డికి పదహారుమంది కాపరులు. మనుషులు కారు, యంత్రంలో ఏకకాలంలో నడిచే ఆజ్ఞలు.

"ఇద్దరు కాపరులు ఒకే క్షణంలో దొడ్డిలోకి తొంగిచూస్తున్నారండీ" అని ఆమె తన పైఅధికారి ప్రభంజనరావుకి చెప్పింది. "ఇద్దరికీ ఒకే దారి ఖాళీగా కనిపిస్తోంది. ఇద్దరూ దాన్నే విప్పుకుపోతున్నారు. అందుకే ఒకరి చెయ్యి ఇంకొకరికి తగులుతోంది."

"మరి మన పరీక్షల్లో ఎప్పుడూ దొరకలేదే?"

"పరీక్షల్లో ఒక్కొక్కళ్లనే పంపించాం. తోపులాట ఉంటేగానీ బయటపడే తప్పు కాదు ఇది."

చూడడం, విప్పడం రెండు పనులుగా ఉన్నంతకాలం ఆ సందులో ఇంకొకరు దూరుతారు. తరళ రెంటినీ ఒకే పని చేసింది. ఒక కాపరి గేటు మీద చెయ్యి వేస్తే, ఆ పని ముగిసేదాకా మిగిలిన పదిహేనుమందీ ఆగాల్సిందే. ఆ రోజు నుంచి ఎవరి చెయ్యి వారికే చేరింది. "ఇప్పుడు మీ మావ సెయ్యి మీ మావ సెయ్యిలాగే ఉన్నాదే!" అని నూకరత్నం మురిసిపోయింది. తరళకి ఆ మాట ఏ మెప్పుదల పత్రం కంటే ఎక్కువ.

కానీ గేటు ఒకటే కావడంతో వరస పెరిగింది. దారి కోసం తొమ్మిదేసి నిమిషాలు ఎదురుచూడాల్సి వస్తోందని ఊళ్లన్నీ గోలపెట్టాయి. ప్రభంజనరావు దొడ్డి పటం తెరిచి, ఒక మూల గుంపుగా ఉన్న దారుల మీద వేలు పెట్టాడు.

"ఇవి నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. గంటల తరబడి ఒక్క మాట పోలేదు వీటి మీద. ఖాళీగా ఉన్నవాటిని ఎందుకు కట్టేసి ఉంచాం?"

"అవి ఖాళీవి కావండీ. మా రేవువి." తరళ కట్టుబాటు సంగతి వివరించింది.

ఆయన వేళాకోళం చేసే మనిషి కాదు. శ్రద్ధగా విన్నాడు. "అంటే పైవాళ్లు ఎప్పటికీ ముందు మాట్లాడరు. కిందివాళ్లు పిలిచినప్పుడే మాట పుడుతుంది. అంతేనా?"

"అంతేనండీ."

"అయితే కిందివాళ్లు పిలిచిన క్షణంలో దారి చేతికిస్తే వాళ్లకి పోయేదేముంది?"

తరళ ఒప్పుకుంది. తన వాళ్ల గురించి తనకే బాగా తెలుసన్న ధీమా ఆమెకి ఉంది, ఆ ధీమాయే ఆమెని ముంచింది. వాళ్లు ముందు పిలవరు కాబట్టి, దారి లేకపోయినా వాళ్లకి తెలియదు అనుకుంది. పన్నెండు నిమిషాలు మాట లేని దారి దొడ్డికి తిరిగి వచ్చేయాలని నియమం రాసింది. ఎవరు నోరు తెరిచినా అరక్షణంలో మళ్లీ దారి దొరుకుతుంది. ప్రమాద గంట మోగితే అంతకంటే ముందే దొరుకుతుంది.

ఒక్కటే చిక్కు మిగిలింది. దారి వెనక్కి రాగానే పలక చల్లబడుతుంది. పలక చల్లబడితే చిప్పలరేవు గుండెలు బాదుకుంటుంది. వేరే ఊరి నిపుణుడికి ఆ ఆలోచన వచ్చి ఉండేది కాదు. తరళకి వచ్చింది. అత్త ఉలిక్కిపడి లేవడం కళ్లముందు కనబడింది. అందుకని, దారి వెనక్కి వెళ్లినా ఆఖరిసారి తగిలిన వెచ్చదనాన్నీ నాడినీ పలక అలాగే నిలిపి ఉంచే ఏర్పాటు చేసి, దానికి 'వెచ్చనిలుపు' అని పేరు పెట్టింది. తన చెయ్యే పెట్టి చూసుకుంది. దారి ఎప్పుడు వెళ్లిపోయిందో ఆమెకే తెలియలేదు. ఎంతో జాగ్రత్తగా, ప్రేమగా చేసిన పని అది.

ఎదురుచూపు తొమ్మిది నిమిషాల నుంచి సున్నాకి పడిపోయింది. కేంద్రంలో మిఠాయిలు పంచారు.

కొత్త నియమం మొదలైన పందొమ్మిదో రోజు పొద్దున్న ఎనిమిదింబావుకి నూకరత్నం మొగుడు పైడయ్య అడుగునుంచి పిలిచాడు.

"కూరేటి సేత్తన్నావు?"

"వంకాయి. ఎండు రొయ్యలేసి."

"రెండు పచ్చిమిరగాయలు ఎక్కువెయ్యి" అన్నాడు. ఇంకో నాలుగు మాటలు ఆడి ఊరుకున్నాడు. నూకరత్నం ఒంటి చేత్తో వంకాయలు కోసింది, పొయ్యి చూసుకుంది, గోడకి జేరబడి కూర్చుంది. అరచేతి కింద మొగుడి చెయ్యి వెచ్చగా ఉంది, నాడి నింపాదిగా కొట్టుకుంటోంది. పది దాటాక, తర్వాతి వంతు మనిషి వచ్చి పైడయ్య గూటి తలుపు తెరిచి చూసేసరికి అతను ఎప్పుడో పోయి ఉన్నాడు. గాలిని కొలిచే ముల్లు మొరాయించి మంచి గాలే చూపించింది, అందువల్ల గంట మోగలేదు. నిద్రలోకి జారినట్టు జారిపోయాడు. పిలవాలన్న ఊహ కూడా వచ్చి ఉండదు.

విచారణలో సన్నిధి మీద మచ్చ పడలేదు. ఆ పూట ఒక్క దారీ తెగలేదు, ఒక్క చెయ్యీ మారలేదు. తరళ ఒక్కతే కూర్చుని ఆనాటి చిట్టా చదివింది. పైడయ్య దారి ఎనిమిదీ ముప్పై ఒకటికి దొడ్డికి తిరిగి వచ్చింది. ఆ తర్వాత అదే దారి మీద ముగ్గురు వేర్వేరు మనుషులు మాట్లాడుకున్నారు. ముగ్గురికీ ఎదురుచూపు లేదు. గాలి చెడితే చెయ్యి చల్లబడుతుందని ఆమెకి తెలుసు. పలకని చల్లబడనివ్వనిది తనేనని కూడా తెలుసు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం తట్టలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"వచ్చే నెల మార్పుల్లో వెచ్చనిలుపు తీసేద్దాం. అందాకా ఎవరికీ చెప్పకు" అన్నాడు ప్రభంజనరావు. "మీ మేనత్తకి మిగిలింది ఆ వెచ్చదనమనే ఓదార్పు ఒక్కటేనమ్మా. దాన్ని ఉండనివ్వు."

మూడో రోజున తరళ చిప్పలరేవు వెళ్లింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని ఉంది. ఏడ్చిన జాడ లేదు. మేనకోడలిని దగ్గర కూర్చోబెట్టుకుని తల నిమిరింది.

"దిగులెట్టుకోకే అమ్మా. సివరిదాకా నా సేతిలోనే ఉన్నాడు మీ మావ. సల్లబడనేదు. ఎచ్చగా, కులాసాగా ఎలిపోనాడు. ఎంతమందికుంటాది ఆ అదురుష్టం? నీ పలక పున్నెమే గదా."

చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. తరళ అలాగే అనుకుంది కూడా. కానీ పక్కింటి తలుపు తీసి ఉంది. లోపల అసిరి చాప మీద కూర్చుని, పలక మీద చెయ్యి పెట్టుకుని, నిశ్చింతగా కూనిరాగం తీస్తోంది. ఆమె మొగుడు ఎర్రన్న పొద్దున్నే దిగాడు.

"అత్తా" అంది తరళ. "ఆ రోజు నీ చేతిలో ఉన్నది మావయ్య చెయ్యి కాదు."

నూకరత్నం అర్థం కానట్టు చూసింది.

"ఎనిమిదిన్నరకే దారి తీసేసుకున్నాం. మాటల్లేని దారులు తీసేసుకుంటాం. నువ్వు భయపడతావని పలక వెచ్చగా ఉండేలా చేశాం. ఆ వేడి పలకది."

"ఎంతసేపు?"

"గంటా నలభై నిమిషాలు."

"మరాయన?"

తరళ తల దించుకుంది.

"సెప్పే. మీ మావ ఒక్కడే ఉన్నాడా?"

"ఒక్కడే ఉన్నాడత్తా."

ముసలామె చేతిని వెనక్కి తీసుకుంది. తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"సేసిందెవుడే?"

"నేనే."

కొడుతుందనుకుంది తరళ. కొట్టి ఉంటే బాగుండేది. నూకరత్నం మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది, అరుగు దిగింది, పక్కింటి వైపు నడిచింది. మైలలో ఉన్న మనిషి మరొకరి గడప తొక్కకూడదు. ఆమె తొక్కింది. కూనిరాగం తీస్తున్న అసిరి బెదిరిపోయి లేవబోయింది.

"కూకో. నీ మొగుణ్ణి పిలు."

"అదేటత్తా! నీట్లో ఉన్నోణ్ణి పిలవకూడదు గదా?"

"పిలవే!"

"ఎచ్చగానే ఉన్నాడు సూడు" అంది అసిరి ఏడుపు గొంతుతో.

"ఆ ఎచ్చని నమ్మకు. అది ఆడిది కాదు. పిలు!"

అసిరి పలక మీదికి వంగింది. "మావా! ఇనబడతందా?"

దారి అరక్షణంలోనే దొరికింది. జవాబు రాలేదు. తరళ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అడుగున ఏదో కదిలిన చప్పుడయింది, ఆ తర్వాత ఓ కుర్రగొంతు హడలిపోయి పలికింది.

"ఏటే? ఏటైంది? పిలిసినావేటి? అమ్మకేటైనా అయిందా?"

నూకరత్నం పలక దగ్గర కూలబడింది.

"ఏటీ అవనేదు బాబూ" అంది. "ఉన్నావా అని."

"ఉన్నానత్తా. నానుండకేటి?"

ఆ మాట విన్నాక నూకరత్నం బావురుమంది. మొగుడు పోయిన మూడు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు. అసిరి పట్టుకోబోయింది గానీ ఆమె ఆగలేదు. ఏడుస్తూనే లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, మొగుణ్ణి పిలవమని చెప్పడానికి ఆ తర్వాతి ఇంటికి వెళ్లింది.