కొత్త మాస్టర్లకు కాఫీ

డ్రిల్లు మాస్టారు మునికృష్ణ కాఫీ గ్లాసు కింద పెట్టలేదు. ఆయన చేతిలోంచి అదే జారింది.

1946 ఆగస్టు. గురువారం సాయంత్రం నాలుగున్నర. పుంగనూరులోని ఒక హైస్కూలు స్టాఫ్‌రూమ్. కొత్తగా చేరిన ముగ్గురు మాస్టర్లకు స్వాగతం జరుగుతోంది. ఆ ముగ్గురిలో మునికృష్ణ ఒకడు.

మునికృష్ణ లేవబోయాడు. గొంతు పట్టుకున్నాడు. పట్టాళంలో చేరి బర్మా సరిహద్దు దాకా పోయి, ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. అంతటి మనిషీ బల్ల పక్కన పడి గిలగిల కొట్టుకున్నాడు. డాక్టరు పరుగెత్తుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది.

డాక్టరు పడిపోయిన గ్లాసు తీసి వాసన చూశాడు. వెంటనే దూరంగా పెట్టేశాడు.

"సయనైడ్," అన్నాడు.

స్కూలు ల్యాబ్‌లో సయనైడ్ సీసా ఉంది. ల్యాబ్ తాళంచెవి హెడ్‌మాస్టర్ కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు. కానీ కాఫీ పోసింది ఒక్కడే. గ్లాసులు చేతికి అందించింది ఒక్కడే. అటెండరు గంగులప్ప.

పైగా ముందురోజే మునికృష్ణ పిల్లలందరి ముందూ గంగులప్పను నానా మాటలూ అన్నాడు. గంగులప్ప తలవంచుకుని, "సూస్తా, నేనూ సూస్తా" అని గొణిగాడు. ఆ మాట పదిమంది విన్నారు. ఇంకేం కావాలి? చీకటి పడక ముందే గంగులప్ప లాకప్‌లో ఉన్నాడు.

శుక్రవారం ఉదయం మదనపల్లె నుంచి బొగ్గుతో నడిచే బస్సులో ఇన్‌స్పెక్టర్ అబ్దుల్ జబ్బార్ దిగాడు. రంజాన్ నెల. ఉపవాసం. మామూలుగానే మాట పొదుపు మనిషి, ఆ నెలలో మరీను.

స్టేషన్ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది. గంగులప్ప భార్య మునెమ్మ. రాత్రంతా అక్కడే ఉందట.

"సామీ, మా ఆయప్పను ఉరి తీస్తారంట కదా?"

"ఎవురు చెప్పినారమ్మా?"

"ఊరంతా అంటాండారు. కోడిని కొయ్యమంటే చెయ్యి వణుకుతాది సామీ ఆయప్పకు. మనిషిని యాడ సంపుతాడు?"

సాక్ష్యం చూస్తే ఉరి ఖాయంగానే ఉంది. ఆ మాట ఆమె మొహం మీద అనడానికి జబ్బార్‌కు నోరు రాలేదు.

"ఇంటికి పోయి అన్నం తినమ్మా," అన్నాడు. ఆమె కదల్లేదు.

స్టాఫ్‌రూమ్‌కు హెడ్ కానిస్టేబుల్ సుబ్బయ్య సీలు వేశాడు. అది మంచి పని. కానీ అంతకు ముందే చెడ్డ పని ఒకటి జరిగిపోయింది. శవాన్ని తీయగానే తెలుగు పండితుడు మైల, మైల అని గోల చేసి, చచ్చిపోయినాయన గ్లాసు తప్ప మిగతా గ్లాసులన్నీ బావి దగ్గరికి పంపించి తోమించేశాడు. జబ్బార్‌కు ఒళ్లు మండింది. ఏమన్నా ఏం లాభం? ఆచారం ముందు పోలీసు చట్టం ఏపాటి!

గదిలో పొడుగు బల్ల. చుట్టూ కుర్చీలు. కిటికీ దగ్గర పాత బ్లాక్‌బోర్డు విరిగిన ముక్క ఒకటి, రెండు ఇటుకల మీద పలకలా పెట్టి ఉంది.

"ఇదేంది?"

"గ్లాసులు కడిగి దీని మీదే బోర్లిస్తాడు సార్ గంగులప్ప," అన్నాడు సుబ్బయ్య.

దాని మీద తెల్లగా సుద్దపొడి. బడి అన్నాక సుద్దపొడి లేని చోటు ఎక్కడుంటుంది? ఆ పొడిలో గ్లాసు మూతుల గుర్తులు గుండ్రంగా, వరసగా ఉన్నాయి. జబ్బార్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి, కొంచెం పొడి గోకి మూట కట్టుకున్నాడు.

"సుద్ద కదా సార్," అన్నాడు సుబ్బయ్య.

"ఊఁ," అన్నాడు జబ్బార్.

హెడ్‌మాస్టర్ నంజుండయ్య గదిలో విచారణ మొదలైంది. నంజుండయ్య పెద్దాయన. పిల్లల్లేరు. బడే ఆయనకు సంసారం. రాత్రి నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయాయి.

"నిన్నటి ఏర్పాటు ఎవరిది?"

"నాదే. కొత్తగా ఎవరొచ్చినా ఇది మా పద్ధతి. కాఫీ తాగుతూ ఒక్కొక్కరే లేచి తమ కథ చెప్పాలి. ఏ ఊరు, ఎక్కడ చదివారు, ఏం పనులు చేశారు, అన్నీ. ఒకరినొకరు తెలుసుకోకపోతే ఒక బడిలో ఎట్లా పనిచేస్తాం?"

"మునికృష్ణ కథ చెప్పాడా?"

"ఆయన వంతు రానేలేదు."

"అందరూ కాఫీ తాగారా?"

"లెక్కల మాస్టారు వహాబ్ తప్ప. ఉపవాసం కదా."

"ఎలా తాగారు?"

నంజుండయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. "ఎలా అంటే? ఎత్తి తాగాం. ఉమ్మడి గ్లాసులు, ఎంగిలి పనికిరాదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా సరే, ఏ కులమైనా సరే, పెదవి తగలకుండా పైనుంచి పోసుకోవాల్సిందే."

"మునికృష్ణ కూడా?"

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. "ఆయనొక్కడే మూతి ఆనించి తాగుతాడు. పట్టాళంలో మగ్గులతో అలవాటు. చేరిన రోజు నా గదిలోనే అట్లా తాగాడు. అందరం చూశాం. మెల్లగా చెబుదాంలే అనుకున్నాను."

తరవాత వహాబ్ వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు. మదనపల్లెవాడు. కాఫీ ముట్టనివాడు తనొక్కడే గనక ఊళ్లో తన మీదా గుసగుసలు మొదలయ్యాయని అతనికి తెలుసు. మాట తడబడుతోంది.

"భయపడొద్దు. మునికృష్ణ నీతో ఏమన్నా మాట్లాడినాడా?"

"ముగ్గురం ఒకే రోజు చేరినాం సాబ్. ఆ పొద్దే పేర్లు చెప్పుకున్నాం. సైన్సు మాస్టారు, నా పేరు సుబ్రమణ్యం, మాది కుప్పం అన్నాడు. మునికృష్ణ ఆయన్ని ఎగాదిగా సూసినాడు."

"చూసి?"

"'రంగూన్‌లో యాడన్నా పనిచేసినావా అప్పా?' అని అడిగినాడు. లేదు, మద్రాసు దాటి పోలేదు అన్నాడాయన. మునికృష్ణ నవ్వినాడు. 'సరే, గురువారం నా కత చెప్తా ఉండు. దాంట్లో మీ కుప్పమాయన ఒకడొస్తాడు' అన్నాడు. అంతే సాబ్."

జబ్బార్ మరేం అడగలేదు. సుబ్బయ్యను ఆ పూటే కుప్పం పంపించాడు.

సైన్సు మాస్టారు సుబ్రమణ్యాన్ని చూస్తే ఎవరికైనా ఇష్టం కలుగుతుంది. సన్నటి మనిషి. మర్యాద. పిల్లలకు పాఠం చెబితే మళ్లీ చదవక్కర్లేదట. హెడ్‌మాస్టర్ తన ఇంట్లోనే ముందు గది ఇచ్చి, రెండు పూటలా తన పక్కనే ఆకు వేయిస్తున్నాడు.

"ల్యాబ్ మీ చేతిలోనే కదా మాస్టారూ?"

"తాళం అందరి చేతిలో ఉంటుంది సార్. గంగులప్ప రోజూ ఊడుస్తాడు."

"రంగూన్ వెళ్లారా ఎప్పుడైనా?"

"లేదు సార్." తొణకలేదు, బెణకలేదు.

శనివారం మధ్యాహ్నానికి సుబ్బయ్య తిరిగొచ్చాడు. చొక్కా అంతా దుమ్ము.

"రైలు స్టేషన్ ఎనకాల ఉండాది సార్ వాళ్లిల్లు. మొండిగోడలు. తల్లీతండ్రీ పోయి శానా కాలమాయెనంట. కొడుకు సుబ్రమణ్యం బాగా సదువుకోని రంగూన్ కాలేజీలో పనికి పోయినాడంట. జపాను బాంబులు పడినాంక అతీగతీ లేదు."

"గుర్తుపట్టేవాళ్లు?"

"ఎవురూ లేరు సార్. సిన్నప్పుడు సూసినోళ్లే అందరూ."

అబద్ధం దొరికింది. సాక్ష్యం దొరకలేదు. నేను ఫలానా సుబ్రమణ్యాన్నే, రంగూన్ సంగతి చెప్పడం ఇష్టం లేక దాచాను అంటే కోర్టు ఏమంటుంది? సోమవారం గంగులప్పను మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. జబ్బార్ లాకప్ వైపు చూశాడు. గంగులప్ప గోడకు తల ఆనించి కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే జబ్బార్ అందరినీ స్టాఫ్‌రూమ్‌కు పిలిచాడు. ఎవరి కుర్చీలో వాళ్లు. ఒక కుర్చీ ఖాళీ. కానిస్టేబుల్ వెంట గంగులప్ప కాఫీ గుండిగ పట్టుకుని వచ్చాడు. కిటికీ దగ్గర విరిగిన బోర్డు మీద గ్లాసులు బోర్లించి ఉన్నాయి. కింద తెల్లటి పొడి.

"గురువారం ఏమేం జరిగిందో అట్లే జరగాలి," అన్నాడు జబ్బార్. "విషం తాగినాక మనిషి ఎంతసేపటికి గ్లాసు వదిలాడు, గంగులప్ప అప్పటికి ఎక్కడున్నాడు, అవి చూడాలి. ఆ ఖాళీ కుర్చీలో ఒకరు కూర్చోండి. ఆయన తాగినట్టే మూతి ఆనించి తాగండి."

గదిలో కలకలం.

"రామరామ!" అన్నాడు పండితుడు. "ఉమ్మడి గ్లాసుకు మూతి పెట్టడమా? అదీ చచ్చిపోయినవాడి కుర్చీలో? నా వల్ల కాదు."

"దీనివల్ల గంగులప్ప బతుకుతాడా ఇన్‌స్పెక్టర్ గారూ?" నంజుండయ్య అడిగాడు.

"బతకొచ్చు."

పెద్దాయన లేచాడు. వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ గ్లాసుకూ పెదవి ఆనించని మనిషి. "నా తల్లి చూస్తే చీవాట్లు పెట్టేది," అన్నాడు నవ్వబోయి. నవ్వు రాలేదు.

గంగులప్ప బోర్డు మీది గ్లాసులు ఒక్కొక్కటే తిప్పి కాఫీ పోశాడు. అందరికీ వరసగా అందించాడు. హెడ్‌మాస్టర్ ముందు ఒకటి పెట్టాడు.

నంజుండయ్య గ్లాసు ఎత్తాడు. తలపైకి కాదు. నోటి దగ్గరికి.

"వద్దు సార్!"

కుర్చీ దబ్బున పడింది. సుబ్రమణ్యం ఒక్క అంగలో వచ్చి గ్లాసును చేత్తో కొట్టేశాడు. వేడి కాఫీ పెద్దాయన పంచె మీద చిందింది.

జబ్బార్ వచ్చి సుబ్రమణ్యం ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకొద్దు మాస్టారూ?" జబ్బార్ గొంతు మెత్తగానే ఉంది. "గుండిగలో కాఫీ ఒకటే. అందరికీ అదే పోశారు. మిమ్మల్ని కూడా తాగమన్నాను, మీరేం అనలేదు. ఆయన మూతి ఆనించబోతేనే ఎందుకు కేక వేశారు?"

సుబ్రమణ్యం కింద పడిన గ్లాసు వైపు చూశాడు. తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది అతనికి.

జబ్బార్ అందరి వైపూ తిరిగాడు.

"గంగులప్పే అనుకున్నాం ఎందుకు? ఫలానా గ్లాసు ఫలానా మనిషికి ఇవ్వగలిగింది వాడొక్కడే గనక. కానీ ఏ గ్లాసు ఎవరికి పోయినా ఫరవాలేదు. విషం అన్ని గ్లాసులకూ ఉంది! కాఫీలో కాదు, అంచుకు. ఈ బోర్డు మీద సుద్దపొడిలో కలిపి చల్లారు. కడిగిన గ్లాసు తడిమూతితో బోర్లిస్తే అంటుకుంటుంది. మీరంతా ఎత్తి తాగారు, ధార అంచుకు ఒక్క చోట తగిలి దూకింది గనక లోపలికి పోయింది రవ్వంతే, బతికిపోయారు. వహాబ్ ఉపవాసం. మూతి ఆనించి ఆ పొడిని నోట్లోకి తీసుకునేవాడు మునికృష్ణ ఒక్కడే. సుద్ద తడిస్తే సుద్దలాగే ఆరుతుంది. ఆ గుర్తుల దగ్గర పొడి కరిగి గడ్డకట్టింది. అన్నంలో కలిపి ఎలుకకు పెట్టాను. చచ్చింది."

"అయితే ఇప్పుడు..." పండితుడు తన గ్లాసును దూరంగా నెట్టేశాడు.

"ఇది వేరే బోర్డు ముక్క. ఉత్త సుద్ద. అసలుది సీలు వేసి నిన్ననే తీయించాను. ఈ బోర్డు భయం, దాని మీద విషం చల్లినవాడికి తప్ప ఎవరికుంటుంది?"

సుబ్రమణ్యం నేల మీద కూలబడ్డాడు.

"నా పేరు ఏకాంబరం," అన్నాడు. "రంగూన్ కాలేజీ ల్యాబ్‌లో సీసాలు కడిగేవాణ్ణి. సుబ్రమణ్యం గారు అక్కడ మాస్టారు. ఆయనే నాకు సైన్సు నేర్పినారు. బాంబులు పడినాక కలిసే నడిచొచ్చినాం. దిమాపూర్ క్యాంపులో కలరాతో పోయినారు. దహనానికి సాయం చేసిన సిపాయి మొహం నేను చూడలేదు. ఆయన సర్టిఫికెట్లు నా సంచిలోనే ఉండిపోయినాయి."

"ఆ సిపాయి మునికృష్ణ," అన్నాడు జబ్బార్.

"గురువారం కథ చెప్తాననె. ఎట్ల ఆపేది? మాస్టారూ అని పిలిపించుకున్నా సార్, మళ్లీ సీసాలు కడగలేను అనుకున్నా."

నంజుండయ్య తడి పంచెతో అట్లాగే కూర్చున్నాడు.

"నా గ్లాసుకూ పూసినావు కదయ్యా."

"మీరు ఎత్తి తాగుతారు కదా సార్."

"చెయ్యి వణికి అంచు తగిలుంటే?"

పెద్దాయన కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు. ఆ దుఃఖం ఎవరితో చెప్పుకుంటాడు?

కానిస్టేబుల్ గంగులప్ప ఒక చేతికి వేలాడుతున్న బేడీ తీసి ఏకాంబరానికి వేశాడు. గేటు దగ్గర మునెమ్మ కేక పెట్టి పరుగెత్తుకుని వచ్చి మొగుణ్ణి పట్టుకుంది. ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఒళ్లంతా తడిమింది.

"సోమవారం నుంచి పనిలోకి రాప్పా గంగులప్పా," అన్నాడు నంజుండయ్య. "తప్పు మాది."

గంగులప్ప తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"వస్తా సామీ. గంట కొడతా, గదులు ఊడుస్తా. కాఫీ మాత్రం ఇంక పొయ్యను. ఎవురు పూసినా, ఆయప్పకు అందించింది ఈ చెయ్యే కదా."

మునెమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.